ఆ ముగ్గురి ఫోటోలే జవాబు

కాలేజీలకి అప్లై చేసే కాలం, అక్టోబరు వచ్చిందంటే చాలు, అమెరికా తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో ఒక ఫార్వర్డ్ తిరగడం మొదలెడుతుంది. పైన మైక్రోసాఫ్ట్ సత్య నాదెళ్ల, అడోబీ శంతను నారాయణ్, గూగుల్ సుందర్ పిచై ఫోటోలు. కింద అయిదు ముక్కలు. మన పిల్లలు చదువుల్లో ముందుండేది ఆసియా తల్లిదండ్రుల గట్టి పెంపకం వల్లే. పేరున్న కాలేజీ రాకపోతే జీవితం అక్కడితో సరి. మెడిసిన్, కంప్యూటర్లు తప్ప ఏ చదువూ తిండి పెట్టదు. ఆసియా పిల్లలకి సీట్లివ్వరు కాబట్టి ఇంకాస్త బిగించాలి. ఫీజు కట్టేది మనం, కాబట్టి కాలేజీ నిర్ణయించేదీ మనమే.

ఈ ఏడాది మా ఇంట్లో ట్వెల్త్ గ్రేడ్ పిల్ల ఉంది. అందుకని ఎప్పట్లా డిలీట్ కొట్టబుద్ధి కాలేదు.

"అంతా మన పెంపకం"

1965లో అమెరికా వలస చట్టం మారి, దేశాలవారీ పాత కోటాలు పోయాయి. చదువూ నైపుణ్యం ఉన్నవాళ్ళకి, ఇక్కడున్నవాళ్ళ బంధువులకి తలుపు తెరుచుకుంది. 1990 చట్టంతో హెచ్-1బీ వచ్చింది. డిగ్రీ గానీ దానికి సమానమైన అనుభవం గానీ లేనిదే అది రాదు. మనలో చాలామందిని విమానం ఎక్కకముందే ఎన్ని జల్లెళ్ళు పట్టారో ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి. ఎంసెట్, క్యాంపస్ ఇంటర్వ్యూ, జీఆర్ఈ, కాన్సులేట్‌లో వీసా కిటికీ, ఆ తర్వాత లాటరీ. అన్నిట్లోంచీ జారి పడ్డవాళ్ళమే ఇక్కడ పోగయ్యాం. అమెరికాలో ఉన్న భారతీయ పెద్దవాళ్ళలో నూటికి 70 మందికి పైగా డిగ్రీ ఉంది. మన దేశంలో ఆ లెక్క దరిదాపుల్లో కూడా ఉండదు. అమ్మా నాన్నా ఇద్దరూ ఇంజనీర్లయిన ఇంట్లో, మంచి స్కూలు చూసుకుని మరీ కొన్న ఇంట్లో పెరిగిన పిల్లకి లెక్కలొస్తే, ఆ గొప్పంతా మన గదమాయింపుల ఖాతాలో వేసుకుంటున్నాం.

ఆగ్నేయాసియా నుంచి వచ్చిన మాంగ్ తెగ, లావోస్, కంబోడియా కుటుంబాలవీ ఆసియా ఇళ్ళే. వాళ్ళలో ఎక్కువమంది 1975 తర్వాత ప్రాణాలు అరచేత పట్టుకుని శరణార్థులుగా వచ్చారు. వాళ్ళలో డిగ్రీ ఉన్నవాళ్ళ శాతం అమెరికా సగటు కంటే తక్కువ. వాళ్ళ అమ్మానాన్నలకి పిల్లల మీద ఆశలు లేవా, కోప్పడటం చేతకాదా? ఆసియా పెంపకమే మందయితే అది వాళ్ళకీ పని చెయ్యాలిగా.

గట్టిగా బిగిస్తే మార్కులొస్తాయా అని కొలిచి చూసినవాళ్ళూ ఉన్నారు. సూ యోంగ్ కిమ్ బృందం ఉత్తర కాలిఫోర్నియాలో 444 చైనీస్ అమెరికన్ కుటుంబాలను ఎనిమిదేళ్ళు గమనించి 2013లో ఫలితాలు ప్రచురించింది. గదమాయించి, గట్టిగా బిగించి పెంచే 'టైగర్' తరహా తల్లిదండ్రుల పిల్లలకి మార్కులు ఎక్కువ రాలేదు. వెన్నుదన్నుగా ఉండే తల్లిదండ్రుల పిల్లలతో పోలిస్తే తక్కువే వచ్చాయి. దిగులు మాత్రం ఎక్కువ. ఇంకో సంగతి: ఆ కుటుంబాల్లో ఎక్కువమంది అసలు టైగర్లే కారు, వెన్నుదన్నుగా ఉండేవాళ్ళే. మన పేరు మీద ఊరంతా చెప్పుకునే లక్షణం మనలో ఎక్కువమందికి లేదన్నమాట!

"మేం పడలేదా, ఏమైంది?" అని గ్రూపులో ఒక అన్నయ్యగారు రాశారు. 2019లో ఈ దేశంలో 15 నుంచి 24 ఏళ్ళ ఆసియా సంతతి పిల్లల మరణాలకి మొదటి కారణం ఆత్మహత్య. ఇంటి ఒత్తిడే కారణమని నేననను, అంత తేలిగ్గా తేలే లెక్క కాదది. కానీ "ఏమైంది" అని అడిగే ముందు ఒక్క క్షణం ఆగొచ్చు.

"పేరున్న కాలేజీ రాకపోతే అంతే సంగతులు"

ఇక్కడ నేను పెద్దగా కష్టపడక్కర్లేదు, ఫార్వర్డ్ మీదున్న ఫోటోలు చాలు.

నాదెళ్ల ఐఐటీ ప్రవేశ పరీక్ష తప్పాడు. ఆ మాట తనే రాసుకున్నాడు. చదివింది మణిపాల్‌లో ఎలక్ట్రికల్. అమెరికాలో ఎంఎస్ చేసింది విస్కాన్సిన్ యూనివర్సిటీ మిల్వాకీ క్యాంపస్‌లో. పేరున్న మాడిసన్ క్యాంపస్ కాదండోయ్, మిల్వాకీ. నారాయణ్ ఉస్మానియాలో ఇంజనీరింగ్ చేసి, ఒహాయోలోని బౌలింగ్ గ్రీన్ స్టేట్ యూనివర్సిటీకి వచ్చాడు. మీ అబ్బాయి ఇవాళ "బౌలింగ్ గ్రీన్‌కి వెళ్తా" అంటే ముందు అదెక్కడుందో మ్యాపులో వెతుకుతారు, తర్వాత మాట్లాడటం మానేస్తారు. పిచై ఐఐటీ ఖరగ్‌పూర్, స్టాన్‌ఫర్డ్, అది ఒప్పుకోవాల్సిందే. కానీ బ్రాంచి మెటలర్జీ. సీటొచ్చిందని స్వీట్లు పంచుతూనే మన పెద్దవాళ్ళు పెదవి విరిచే బ్రాంచి. నాదెళ్ల, నారాయణ్ తర్వాత పెద్ద స్కూళ్ళలో ఎంబీఏలు చేశారు, నిజమే. ఉద్యోగాల్లో చేరాక, తమంతట తాము.

నాదెళ్ల ఇంటి సంగతి మరీ ముచ్చటగా ఉంటుంది. తండ్రి ఐఏఎస్. కొడుకు మేధావి కావాలని గదిలో కార్ల్ మార్క్స్ బొమ్మ తగిలించాడట. తల్లి, పిల్లాడు తృప్తిగా బతకాలని లక్ష్మీదేవి బొమ్మ తగిలించింది. పిల్లాడికి కావాల్సింది మాత్రం హైదరాబాద్ క్రికెటర్ జయసింహ పోస్టరు. గట్టి పెంపకానికి బ్రాండ్ అంబాసిడర్‌గా మనం పట్టుకొచ్చింది ఈ ఇంటినా!

లెక్కలు అడిగేవాళ్ళకి: ఆర్థికవేత్తలు స్టేసీ డేల్, అలన్ క్రూగర్ 2002లో ఒక పోలిక చేశారు. ఒకేలాంటి కాలేజీల్లో సీట్లొచ్చిన పిల్లల్ని తీసుకుని, వాళ్ళలో పెద్ద కాలేజీకి వెళ్ళినవాళ్ళని, కాదనుకుని మామూలు కాలేజీలో చేరినవాళ్ళని పక్కపక్కన పెట్టారు. సగటున సంపాదనలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. తక్కువ ఆదాయం ఉన్న ఇళ్ళ పిల్లలకి మాత్రం పెద్ద కాలేజీ కలిసొచ్చింది. మన గ్రూపులో ఎన్ని ఇళ్ళు ఆ కోవలోకొస్తాయో మీకే తెలుసు. 2023లో రాజ్ చెట్టి, డేవిడ్ డెమింగ్, జాన్ ఫ్రీడ్‌మన్ మరింత లోతుగా చూశారు. హార్వర్డ్ లాంటి ఐవీ స్థాయి కాలేజీ వల్ల సగటు సంపాదన పెద్దగా పెరగదు గానీ, దేశంలో పై ఒక్క శాతంలోకి చేరే అవకాశం దాదాపు సగం మేర పెరుగుతుందని తేల్చారు. ఫార్వర్డ్ రాసినాయన ఈ ముక్క పట్టుకుని వాదిస్తే నేను కూర్చుని వినేదాన్ని. "జీవితం అక్కడితో సరి" అన్న మాటకి మాత్రం ఈ లెక్కల్లో చోటు లేదు.

"మెడిసిన్, కంప్యూటర్లు తప్ప..."

ఇంజనీర్లకి జీతాలెక్కువే, కాదనను. కానీ ఆ లెక్క ఇష్టంగా చదివి బయటపడ్డవాళ్ళది. మధ్యలో జారిపోయినవాళ్ళు అందులో కనబడరు.

మా పెద్దవాడి విషయంలో నేనూ ఈ పని చేశాను. డిగ్రీతో పాటే మెడికల్ సీటు కూడా ఇచ్చే బీఎస్-ఎండీ ప్రోగ్రాములకి వరసబెట్టి అప్లై చేయించాను. ఒక్కటీ రాలేదు. మెడికల్ స్కూలుకి తయారీ, ప్రీ-మెడ్ అని బయాలజీలో చేర్పించాను. రెండో ఏడాది థాంక్స్‌గివింగ్‌కి ఇంటికొచ్చినప్పుడు బట్టలు ఉతుకుదామని సూట్‌కేసు తెరిస్తే, అడుగున ఆర్గానిక్ కెమిస్ట్రీకి కొనిచ్చిన మోడల్ కిట్ ఉంది. ప్లాస్టిక్ బంతులు, పుల్లలు. సీలు కూడా తియ్యలేదు. సెమిస్టర్ ఇంకో మూడు వారాల్లో అయిపోతుంది. నేనేం అనలేదు, వాడూ ఏం చెప్పలేదు. బట్టలన్నీ మడతపెట్టి, కిట్ మళ్ళీ అడుగునే పెట్టేశాను. ఆ మౌనానికి ఇంకో రెండు సెమిస్టర్ల ఫీజు ఖర్చయింది. తర్వాత వాడు జాగ్రఫీకి మారాడు. ఇప్పుడొక సిటీ ఆఫీసులో నీటి పైపుల మ్యాపులు చేస్తాడు. తిండికి లోటేం లేదు.

అప్పుడు నాకు తెలియనిది ఒకటుంది. ప్రీ-మెడ్ అంటే ఒక డిగ్రీ కాదు. అడిగిన సైన్సు కోర్సులు పూర్తి చేస్తే చాలు, చరిత్ర చదివినా మెడికల్ స్కూలుకి అప్లై చేసుకోవచ్చు. ఇక్కడ ఎండీకి అప్లై చేసినవాళ్ళలో సగానికి పైగా మందికి ఆ ఏడాది సీటు రాదు.

"సీట్లివ్వరు కాబట్టి బిగించాలి"

ఆసియా పిల్లలకి అన్యాయం జరుగుతోందని హార్వర్డ్ మీద వేసిన కేసులో బయటపడ్డ విషయం నిజమే. వ్యక్తిత్వానికి వేసే మార్కుల్లో ఆసియా పిల్లలకి సగటున తక్కువ పడ్డాయి. కింది కోర్టు 2019లో ఉద్దేశపూర్వక వివక్ష లేదంది. సుప్రీంకోర్టు 2023 జూన్ 29న అడ్మిషన్లలో జాతిని లెక్కలోకి తీసుకునే పద్ధతినే కొట్టేసింది. ఇంత జరిగినా ఒక్క మాట అడుగుతాను: తక్కువ పడ్డవి వ్యక్తిత్వం మార్కులైతే, మనం బిగిస్తున్నది శాట్ ప్రవేశ పరీక్ష కోచింగా? పైగా అక్కడ నూటికి అయిదుగురికి కూడా సీటు రాదు. మిగతా తొంభై అయిదుగురి ఇళ్ళలో ఎవరూ బిగించలేదంటారా?

"ఫీజు మనది, నిర్ణయం మనది"

ఇందులో సగం నిజముంది. ఎంత కట్టగలమో చెప్పడం మన హక్కు. ముందుగా చెప్పడం మన బాధ్యత కూడా. కానీ కొనుక్కుంటున్నది ఏమిటో చూసుకోండి. పిల్ల కాలేజీలో చేరగానే విద్యార్థుల రికార్డుల గోప్యత చూసే ఫెర్పా చట్టం కింద రికార్డుల మీద హక్కు పిల్లకే పోతుంది. మన పన్ను లెక్కల్లో పిల్ల డిపెండెంట్ అయితే కాలేజీ మనకి మార్కులు చూపించొచ్చు, కానీ చూపించి తీరాలని లేదు. బిల్లు మన పేరు మీద, మార్కులు తన పాస్‌వర్డ్ వెనక.

ఈసారి నేను చేసింది ఇంతే. ఏడాదికి మేం కట్టగల అంకె ఒక కాగితం మీద రాసి మా అమ్మాయికిచ్చాను. తను ఒక్కో కాలేజీ వెబ్‌సైట్‌లో ఆర్థిక సాయం (ఎయిడ్) పోగా మనం కట్టాల్సింది ఎంతో చూపే నెట్ ప్రైస్ క్యాలిక్యులేటర్ తెరిచి మా ఆదాయం కొట్టి చూసుకుంది. జాబితాలో మూడు తనే కొట్టేసింది. అందులో ఒకటి నాకు బాగా నచ్చినది! ఎర్లీ డెసిషన్, అంటే ఒకే కాలేజీకి ముందే మాటిచ్చి అప్లికేషన్, వెయ్యమని గ్రూపులో అందరూ పోరుతున్నారని చెప్పాను. దానికి విద్యార్థి, తల్లో తండ్రో, స్కూలు కౌన్సిలర్, ముగ్గురూ సంతకం పెట్టాలి. సీటొస్తే మామూలుగా చేరాల్సిందే, నాలుగు చోట్ల ఎంత ఎయిడ్ ఇస్తారో పోల్చుకునే వీలుండదు. "మరి నీ అంకె కంటే ఎక్కువైతే?" అంది. నా దగ్గర జవాబు లేదు. ఎర్లీ డెసిషన్ ఎక్కడా వెయ్యట్లేదు మేం.