నూట ముప్ఫై కిలోమీటర్లు పోలేనివాళ్ళు ఫిలడెల్ఫియా పోయొచ్చారు

షెడ్యూల్‌లో ఖాళీ లేదట. అమెరికాలో ఓక్లహోమా యూనివర్సిటీకీ, ఓక్లహోమా స్టేట్ యూనివర్సిటీకీ మధ్య అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్ ఎందుకు ఆగిపోయిందని అడిగితే వినిపించే జవాబు ఇదే. 1910 నుంచి ఏటా జరిగిన మ్యాచ్ అది. రెండు ప్రపంచ యుద్ధాలు ఆపలేదు, 1930ల కరువూ దుమ్ము తుఫాన్లూ ఆపలేదు, కోవిడ్ ఆపలేదు. 2023 నవంబరు 4న స్టిల్‌వాటర్‌లో స్టేట్ జట్టు 27-24తో గెలిచింది, జనం మైదానంలోకి ఉరికారు, అంతటితో సరి. బెడ్‌లామ్ అని పేరున్న ఆ పోరు మళ్ళీ జరగలేదు.

ఓక్లహోమా యూనివర్సిటీ ఉన్న నార్మన్ నుంచి స్టేట్ యూనివర్సిటీ ఉన్న స్టిల్‌వాటర్‌కి దాదాపు 130 కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి వరంగల్ పోయినంత కూడా ఉండదు. అంత దగ్గర ఊరికి పోవడానికి తీరిక లేని ఓక్లహోమా జట్టు 2025 సెప్టెంబరులో టెంపుల్ యూనివర్సిటీతో ఆడడానికి ఫిలడెల్ఫియా దాకా విమానంలో పోయి, 42-3తో గెలిచి వచ్చింది. అక్టోబరులో కెంట్ స్టేట్‌ని ఇంటికి పిలిపించుకుని 44-0తో చితక్కొట్టింది. ఖాళీ లేదన్నది ఒట్టి మాట.

నా పక్షపాతం ముందే ఒప్పేసుకుంటాను. నేను ఎమ్మెస్ చదివింది స్టిల్‌వాటర్‌లో. వెళ్ళిన కొత్తలో ఈ ఆటలో నాలుగు డౌన్లంటే (బంతిని ముందుకి తీసుకుపోవడానికి దొరికే నాలుగు ప్రయత్నాలు) ఏమిటో కూడా తెలియదు. మా అపార్ట్‌మెంట్‌లో హీటర్ చెడిపోతే బాగుచేయడానికి ఒక పెద్దాయన వచ్చేవాడు. ఎప్పుడు చూసినా అదే వెలిసిపోయిన నారింజరంగు టోపీ. బెడ్‌లామ్‌లో మావాళ్ళ గెలుపులు ఎన్ని చూశావని ఒకసారి అడిగితే, స్క్రూడ్రైవర్ కింద పెట్టి వేళ్ళమీద లెక్కపెట్టి ఏడు అన్నాడు. మరి ఓటములో అంటే, "వాటి లెక్క నార్మన్ వాళ్ళు రాసుకుంటారులే" అని మళ్ళీ పనిలో పడ్డాడు. మొత్తం పోరులో ఓక్లహోమా గెలిచినవి 91, స్టేట్ గెలిచినవి 20, సమంగా ముగిసినవి 7. ఆ ఇరవైలో ఏడు కళ్ళారా చూశానని ఆయన గర్వం.

కాన్ఫరెన్సుల (తమలో తాము ఆడుకుంటూ టీవీ హక్కులు కలిసి అమ్ముకునే యూనివర్సిటీల కూటముల) విస్తరణ గురించి రాసేవాళ్ళు ఎంతసేపూ మైళ్ళూ డాలర్లూ లెక్కేస్తారు గానీ, ఆ ఏడు ఎవరి లెక్కలోకీ రాదు. ఇలాంటి పోరు నిజానికి చిన్నవాడి ఆస్తి. పెద్దవాడికి అది పన్నెండింట్లో ఒక మ్యాచ్, గెలిస్తే మామూలు, ఓడితే తలనొప్పి. చిన్నవాడు మాత్రం దానికోసమే ఏడాదంతా బతుకుతాడు. విస్తరణ పేరుతో జరుగుతున్నదేమిటంటే, చిన్నవాడి ఆస్తిని పెద్దవాడు టీవీవాళ్ళకి అమ్ముకుని, చిన్నవాడికి పైసా ఇవ్వకపోవడం.

నేపథ్యం పొడి మాటల్లో చెప్తాను. 2021లో టెక్సస్, ఓక్లహోమా బిగ్ 12 కాన్ఫరెన్సుని వదిలి, దక్షిణాది కాన్ఫరెన్స్ ఎస్‌ఈసీకి పోతున్నామని ప్రకటించాయి. ఓక్లహోమా స్టేట్ బిగ్ 12లోనే ఉండిపోయింది. 2022లో లాస్ ఏంజెలస్ యూనివర్సిటీలు యూఎస్‌సీ, యూసీఎల్‌ఏ మధ్యపశ్చిమ రాష్ట్రాల కాన్ఫరెన్స్ బిగ్ టెన్‌కి చేయి చాచాయి. 2023 వేసవిలో కొలరాడో, ఆరెగన్, వాషింగ్టన్, అరిజోనా, అరిజోనా స్టేట్, యూటా ఒకదాని వెనక ఒకటి పడమటి తీరపు కాన్ఫరెన్స్ పాక్-12 గోడ దూకాయి. 1915 నాటి మూలాలున్న పాక్-12 పాత జట్లలో మిగిలినవి ఆరెగన్ స్టేట్, వాషింగ్టన్ స్టేట్ రెండే. పసిఫిక్ ఒడ్డున ఉన్న స్టాన్‌ఫర్డ్, బర్కిలీ ఇప్పుడు ఆడుతున్నది అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్సులో (ఏసీసీ)! బిగ్ టెన్‌లో జట్లు పద్దెనిమిది, బిగ్ 12లో పదహారు. పేరుకీ లెక్కకీ పొంతన లేకుండా పోయి చాలాకాలమైంది, ఆ జోకులు కూడా పాతబడ్డాయి.

ప్రయాణాల సంగతికొస్తే, యూసీఎల్‌ఏ 2024 సీజన్ ఒక్కటి చాలు. సొంత ఊరు దాటి ఆడినవి ఆరు మ్యాచ్‌లు: హవాయి, లూసియానా, పెన్సిల్వేనియా, న్యూజెర్సీ, నెబ్రాస్కా, చివరికి సియాటిల్. మొదటి రెండూ యూనివర్సిటీ తనంతట తాను కుదుర్చుకున్నవే, వాటి పాపం బిగ్ టెన్‌కి అంటగట్టను. మిగతా నాలుగూ కాన్ఫరెన్స్ మ్యాచ్‌లు, వాటిలో పడమటి తీరంలో జరిగింది ఒక్క సియాటిల్‌లోనే. తూర్పున మధ్యాహ్నం 12కి మొదలయ్యే మ్యాచ్ లాస్ ఏంజెలస్ కుర్రాడి ఒంటికి ఉదయం 9. తొమ్మిదింటికి ఒళ్ళు గుద్దుకునే ఆట ఆడాలంటే లేవాల్సింది ఎన్నింటికో మీరే చూసుకోండి.

అయినా ఫుట్‌బాల్ కుర్రాళ్ళ గురించి నేను పెద్దగా కన్నీళ్ళు పెట్టను. వాళ్ళకి వారానికి ఒకే మ్యాచ్, ప్రత్యేక విమానం, వెంట వైద్యులూ వంటవాళ్ళూ. ఈ బేరంలో అసలు నలిగేది వాలీబాల్, సాఫ్ట్‌బాల్, సాకర్ ఆడే పిల్లలు. ఒకే వారంలో రెండు మూడు మ్యాచ్‌లు, మధ్యలో క్లాసులు, పరీక్షలు, ఎయిర్‌పోర్టు కుర్చీల్లో హోమ్‌వర్కు. ఫుట్‌బాల్ హక్కులకోసం గీసిన గీతలమీద మిగతా ఆటలన్నీ నడవాల్సి రావడం కంటే తెలివితక్కువ ఏర్పాటు ఇంకోటి ఉండదు. ఫుట్‌బాల్‌కొక కాన్ఫరెన్స్, మిగతా ఆటలకి చుట్టుపక్కల జట్లతో ఇంకో కాన్ఫరెన్స్ పెట్టుకోవడానికి అడ్డేమిటో ఎవరూ సరిగ్గా చెప్పరు.

అవతలివాళ్ళ వాదన కూడా వినాలి. విస్తరణ కొన్ని పోరులని తిరిగి తెచ్చింది, నిజమే. 2011లో ఆగిన టెక్సస్, టెక్సస్ ఏ అండ్ ఎం మ్యాచ్ 2024 నవంబరు 30న మళ్ళీ జరిగింది, టెక్సస్ 17-7తో గెలిచింది. అదే ఏడాది అక్టోబరులో ఆరెగన్ 32-31తో ఒహాయో స్టేట్‌ని ఓడించిన మ్యాచ్ చూసి కుర్చీ అంచుకి జరగనివాళ్ళు ఉండరు. బిగ్ టెన్ 2022లో ఫాక్స్, సీబీఎస్, ఎన్‌బీసీలతో చేసుకున్న ఏడేళ్ళ ఒప్పందం విలువ 700 కోట్ల డాలర్లకి పైమాటేనని వార్తలొచ్చాయి. ఆ డబ్బే ఈతగత్తెల స్కాలర్‌షిప్పులకీ ఆధారమంటారు. సరే. కానీ టెక్సస్, ఏ అండ్ ఎం విడిపోయింది కూడా కాన్ఫరెన్సుల వలసల్లోనే కదా. ఇల్లు తగలబెట్టినవాడే పదమూడేళ్ళకి పాక వేసి, గృహప్రవేశానికి రమ్మంటే చప్పట్లు కొట్టాలా?

మళ్ళీ ఖాళీ దగ్గరికే వస్తాను, దాన్ని వదలబుద్ధి కావడం లేదు. సీజన్‌కి మ్యాచ్‌లు 12. 2026 నుంచి ఎస్‌ఈసీలో కాన్ఫరెన్స్ మ్యాచ్‌లు తొమ్మిది, మిగిలేవి మూడు. ఆ మూడింట్లో ఒకటైనా ఇంకో పెద్ద కాన్ఫరెన్స్ జట్టుతోనో, ఫుట్‌బాల్‌లో ఏ కాన్ఫరెన్సుకీ చెందని నోటర్ డేమ్‌తోనో ఆడి తీరాలని ఎస్‌ఈసీయే నియమం పెట్టింది. బిగ్ 12లో ఉన్న ఓక్లహోమా స్టేట్ ఆ నియమానికి అచ్చంగా సరిపోతుంది. పోనీ వేరే కాన్ఫరెన్స్ కాబట్టి కుదరదా? జార్జియా ఎస్‌ఈసీ, జార్జియా టెక్ ఏసీసీ. సౌత్ కరొలైనాది ఒకటి, క్లెమ్సన్‌ది ఒకటి. ఫ్లోరిడా, ఫ్లోరిడా స్టేట్ అంతే. కెంటకీ, లూయీవిల్ అంతే. అయోవా, అయోవా స్టేట్ కూడా. ఏటా ఆడుకుంటూనే ఉన్నారు. మనసుంటే మార్గం ఉంటుందనడానికి ఇన్ని రుజువులుండగా ఓక్లహోమాకి కేలండరే అడ్డొచ్చిందంటే నమ్మేదెవరు? ఓక్లహోమా తనంతట తాను డబ్బు వెంట పోయింది కాబట్టే బెడ్‌లామ్ చచ్చిందని స్టేట్ జట్టు అప్పటి కోచ్ మైక్ గండీ మొహమాటం లేకుండా అన్నాడు. ఆయనతో నాకు చాలా విషయాల్లో పడదు గానీ ఇందులో పడుతుంది.

ఉత్తరాన సగం మందు వేశారు. వాషింగ్టన్, వాషింగ్టన్ స్టేట్ మధ్య ఆపిల్ కప్‌ని 2028 దాకా ఆడేలా ఒప్పందం కుదిరింది. కాకపోతే నవంబరు చివర థాంక్స్‌గివింగ్ చలిలో, సీజన్ మొత్తాన్ని తేల్చేసేలా జరిగే మ్యాచ్ సెప్టెంబరుకి జరిగింది. 2024లో వాషింగ్టన్ స్టేట్ 24-19తో గెలిచింది. గోల్ గీతకి గజం దూరంలో నాలుగో డౌన్‌లో పెద్దన్నని ఆపేసింది. ఆ ఆనందం సీజన్‌కి ముక్తాయింపు కావలసింది, మూడోవారంలోనే ఖర్చయిపోయింది. ఆరెగన్‌లో ఆ మాత్రం కూడా లేదు. 1894 నాటి ఆరెగన్, ఆరెగన్ స్టేట్ పోరు 2025 సెప్టెంబరులో జరిగింది, 2026 షెడ్యూల్‌లో కనపడదు. ఆ రెండు యూనివర్సిటీలున్న ఊళ్ళ మధ్య దూరం 65 కిలోమీటర్లు.

ఇదంతా ఎక్కడ మొదలైందో చూస్తే నవ్వొస్తుంది. 1984కి ముందు ఏ మ్యాచ్ టీవీలో రావాలో కాలేజీ ఆటల జాతీయ సంస్థ ఎన్‌సీఏఏ ఒక్కటే నిర్ణయించేది. ఆ గుత్తాధిపత్యంమీద కోర్టుకి పోయినవాళ్ళలో ముందున్నది ఓక్లహోమా యూనివర్సిటీ పాలకమండలి, తోడు జార్జియా. సుప్రీంకోర్టు 7-2తో వాళ్ళ పక్షాన తీర్పిచ్చింది. విభేదించిన ఇద్దరిలో ఒకరు బైరన్ వైట్, కొలరాడో తరఫున కాలేజీ ఫుట్‌బాల్‌లో దేశమంతా పేరు తెచ్చుకున్న ఆటగాడు. బెంచిమీద ఆ ఆట ఆడి ఎరిగిన జడ్జి వద్దంటున్నా తలుపు తెరుచుకుంది. 2014లో రట్గర్స్, మేరీలాండ్‌లని బిగ్ టెన్ చేర్చుకుంది వాటి ఆట చూసి కాదు, న్యూయార్క్, వాషింగ్టన్ నగరాల్లోని కేబుల్ ఇళ్ళు చూసి. డాలస్‌లోని ఎస్‌ఎంయూ (సదరన్ మెథడిస్ట్ యూనివర్సిటీ) అయితే తొమ్మిదేళ్ళు టీవీ వాటా వద్దని రాసిచ్చి మరీ ఏసీసీలో చేరింది.

ఇప్పుడు వెనక పడ్డవాటి పేర్లు వరసగా చదవండి. ఓక్లహోమా స్టేట్, ఆరెగన్ స్టేట్, వాషింగ్టన్ స్టేట్. మూడూ 1862 నాటి మారిల్ చట్టం బిడ్డలు. రైతుల పిల్లలకి వ్యవసాయం, యంత్రవిద్య నేర్పడానికి కేంద్రం భూములిచ్చి పెట్టించిన కాలేజీలు. ఓక్లహోమా స్టేట్‌కి 1957 దాకా ఓక్లహోమా ఏ అండ్ ఎం అనే పేరు. ఒహాయో స్టేట్, పెన్ స్టేట్, టెక్సస్ ఏ అండ్ ఎం కూడా ఆ కోవవే, వాటికి లోటేమీ లేదని మీరనొచ్చు. ఒప్పుకుంటాను. కానీ ఒకే రాష్ట్రంలో లాయర్లనీ డాక్టర్లనీ తయారుచేసే అన్నా, పశువుల డాక్టర్లనీ వ్యవసాయాధికారులనీ తయారుచేసే తమ్ముడూ ఉన్నచోట, ఈ మూడుసార్లూ మూటా ముల్లే సర్దుకున్నది అన్నే. ఏడాదికొకసారి తమ్ముడు అన్న కళ్ళలోకి చూసి నిలబడే రోజు ఆ మ్యాచ్. దాన్నే తీసేశారు, లేదా సెప్టెంబరు మూలకి నెట్టారు.

ఈ వ్యవసాయ కాలేజీలతో మనకీ చుట్టరికం ఉంది. 1964లో రాజేంద్రనగర్‌లో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం పెట్టినప్పుడు నమూనా అవే. అమెరికా సాయం కింద హైదరాబాద్ వచ్చి పనిచేసింది కాన్సస్ స్టేట్ ఆచార్యులు. ఆ కాన్సస్ స్టేట్‌కి కాన్సస్ యూనివర్సిటీతో 1911 నుంచి పోరు ఆగలేదు. రెండూ ఇంకా బిగ్ 12లోనే ఉన్నాయి కాబట్టి. రేపు బిగ్ టెన్ వాళ్ళు ఎవరో ఒకరికి ఫోన్ చేస్తే ఏమవుతుందో చెప్పలేం.

కాన్ఫరెన్సులని పగలగొట్టమని నేననడం లేదు, ఆ డబ్బు ఇక వెనక్కి పోదు. నేనడిగేది చిన్నది. ఇవన్నీ జనం పన్నులతో పుట్టిన యూనివర్సిటీలు, వాటి యజమాని రాష్ట్రం. యజమాని నోరు విప్పితే ఏమవుతుందో ఇప్పటికే చూశాం. ఒకే ప్రభుత్వ యూనివర్సిటీ కుటుంబంలోని బర్కిలీని పాక్-12లో వదిలేసి పోయినందుకు యూసీఎల్‌ఏ ఏడాదికి కోటి డాలర్లు దానికి కట్టాలని, ఆ రెంటికీ పాలకమండలి అయిన కాలిఫోర్నియా రీజెంట్లు తేల్చారు. 1907 తర్వాత మొహాలు చూసుకోని అలబామా, ఆబర్న్ 1948లో మళ్ళీ ఆడాయంటే, అంతకు ముందటేడు రాష్ట్ర ప్రతినిధుల సభ తీర్మానం చేసింది. 1952లో కాన్ఫరెన్స్ వద్దన్నా క్లెమ్సన్, సౌత్ కరొలైనా ఆడి తీరాలని ఆ రాష్ట్ర శాసనసభ పట్టుబట్టింది, ఆడారు. ఓక్లహోమా వాళ్ళకి కావలసింది ఒక్క పేజీ తీర్మానం.

బెడ్‌లామ్ మొదటి మ్యాచ్ 1904లో గత్రీ ఊళ్ళో జరిగింది. ఓక్లహోమా ఏ అండ్ ఎం (ఇప్పటి స్టేట్) వాళ్ళు తన్నిన బంతి ఎదురుగాలికి వెనక్కి కొట్టుకొచ్చి కాటన్‌వుడ్ వాగులో పడితే, రెండు జట్ల కుర్రాళ్ళూ ఆ గడ్డకట్టే నీళ్ళలోకి దూకారు. ఓక్లహోమావాడు బంతి పట్టుకుని పైకొచ్చాడు, అదీ స్కోరు కిందే రాసుకున్నారు. మొత్తం 75-0. అంత ఘోరంగా ఓడినవాళ్ళు మళ్ళీ ఆడతామన్నారు, నూరేళ్ళకి పైగా ఆడారు.

నార్మన్ నుంచి ఐ-35 ఎక్కి ఉత్తరానికి పోతే ముందు శాసనసభ ఉన్న ఓక్లహోమా సిటీ వస్తుంది. తర్వాత గత్రీ, ఆ వాగు. ఆ తర్వాత స్టిల్‌వాటర్. అంతా కలిపి గంటన్నర.