ఒక్క బగ్గయినా దొరక్కపోతుందా

మా అటక మీద 2008 నాటి బుల్లి లాప్‌టాప్ ఒకటి ఉంది. అప్పట్లో వీటిని నెట్‌బుక్ అనేవాళ్లు. ఆటమ్ ప్రాసెసర్, అదీ పాత తరం 32 బిట్‌ది, ఒక జీబీ ర్యామ్, మూత తీస్తే కిర్రుమని ఒక మూలుగు. పారేద్దామని మా ఆవిడ, ఎప్పటికైనా పనికొస్తుందని నేను. పదేళ్లుగా ఈ వ్యాజ్యం వాయిదాల మీద నడుస్తోంది.

ఇన్నాళ్లకి నా పక్షాన గట్టి సాక్ష్యం దొరికింది. పాత యంత్రాల కోసమే తయారవుతున్న ఒక తేలికపాటి లైనక్స్, అంటే విండోస్ బదులు వాడుకునే ఆపరేటింగ్ సిస్టమ్, ఆల్ఫా దశలో ఉందనీ, పరీక్షించి చూసేవాళ్లు కావాలనీ పిలుపు వచ్చింది. దాని పేరు చెప్పను. పాపం, జరిగినదాంట్లో వాళ్ల తప్పు పెద్దగా లేదు.

ఆల్ఫా అంటే పరంజా కూడా తీయని ఇల్లు. బీటా వచ్చేసరికి తలుపులూ కిటికీలూ ఉంటాయి, కాకపోతే ఏది ఊడి చేతికొస్తుందో తెలియదు. ‘ముఖ్యమైన పనులు చేసుకునే కంప్యూటర్‌లో దీన్ని పెట్టకండి’ అని వాళ్లు ముందే హెచ్చరించారు. మా నెట్‌బుక్ పదేళ్లుగా చేస్తున్న ఏకైక పని దుమ్ము పట్టడం. ఇంతకంటే అర్హత ఏం కావాలి?

పైగా 32 బిట్ యంత్రాలని పట్టించుకునే నాథుడే లేకుండా పోతున్నాడు. లైనక్స్‌లలో పెద్దదైన డెబియన్ అంతటిది కూడా 2025లో వచ్చిన 13వ విడుదలతో వాటికి ఇన్‌స్టాలర్ ఇవ్వడం మానేసింది. తేలికపాటివి అనుకున్నవీ ఒళ్లు చేస్తున్నాయి. డ్యామ్ స్మాల్ లైనక్స్ అని ఒకటుండేది, 50 ఎంబీ దాటనని గిరి గీసుకుని కూర్చుంది. చాలా ఏళ్లు మాయమై 2024లో మళ్లీ కనబడేసరికి ఆ గిరి కాస్తా 700 ఎంబీ అయింది, అంటే ఒక సీడీకి సరిపడా. పెళ్లినాటి ప్యాంట్లు బీరువాలో దాచుకున్న నాలాంటివాడు దాన్ని ఒక్క మాట అనలేడు.

అసలు సంగతి చెప్పేస్తాను. బగ్గు అంటే పురుగు, కంప్యూటర్ భాషలో ప్రోగ్రాములోని లోపం. దాన్ని కనిపెట్టినవాళ్ల పేర్లు విడుదల నోట్‌లో చివర వేస్తామన్నారు. నా దృష్టంతా ఆ చివరి మీదే. ఒక్క బగ్గయినా దొరక్కపోతుందా అనుకున్నాను.

ఆ లైనక్స్‌ని పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించడం దగ్గర చాలా జాగ్రత్త పడ్డాను. దానికి డీడీ అని ఒక కమాండ్ ఉంది. ఏ డ్రైవ్ మీద రాయమంటే దానిమీద మారుమాట లేకుండా రాసేస్తుంది. అందుకే డిస్క్ డిస్ట్రాయర్ అని దానికి ముద్దుపేరు. హార్డ్ డిస్క్ ఏదో, పెన్ డ్రైవ్ ఏదో నాలుగుసార్లు సరిచూసుకుని మరీ నొక్కాను. నూటికి నూరుపాళ్లు సరైన పెన్ డ్రైవ్ మీదే రాసింది. అందులో మా అమ్మాయి కాలేజీ ప్రాజెక్టు ఉందన్న విషయం మాత్రం ఏ కమాండూ చెప్పదు కదా. తన దగ్గర ఇంకో కాపీ ఉంది కాబట్టి నేనీ వ్యాసం రాయగలుగుతున్నాను.

ఆ పెన్ డ్రైవ్ పెట్టి నెట్‌బుక్ ఆన్ చేశాను. నల్ల తెర మీద తెల్ల అక్షరాలు బిలబిలమని పరుగెత్తి, నీలం రంగు డెస్క్‌టాప్ ప్రత్యక్షమైంది. ఏమీ తెరవకముందు ర్యామ్ వాడకం 200 ఎంబీ దాటలేదు. వైఫై దొరికింది, శబ్దం వచ్చింది. వెలుతురు పెంచే బటన్ కూడా పనిచేసింది. నాకు నీరసం వచ్చింది. ఇలా అన్నీ పనిచేస్తూ పోతే నా పేరు ఎక్కేదెలా?

అప్పుడు బ్రౌజర్ తెరిచాను. ఏ సైటుకి వెళ్లినా ‘ఇది సురక్షితం కాదు’ అని అడ్డం పడుతోంది. పోనీ అప్‌డేట్ చేద్దామంటే, రిలీజ్ ఫైల్, అంటే అప్‌డేట్ల చిట్టా, ఇంకా చెల్లుబాటులోకి రాలేదనీ, దానికి ఇంకా ఆరు వేల పైచిలుకు రోజులు పడుతుందనీ చెప్పింది. ఆరు వేల రోజులు! అప్పటికి నేనుంటానా, నెట్‌బుక్ ఉంటుందా? కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టాను. నాకు బగ్గు దొరికింది!

వెంటనే నా పెద్ద కంప్యూటర్ ముందు కూర్చుని మూడు పేజీల ఫిర్యాదు రాశాను. తెర ఫోటోలు తొమ్మిది జోడించాను. డెబియన్ పద్ధతిలో బగ్గు తీవ్రతకి ఏడు మెట్లుంటాయి. అన్నిటికంటే పైది క్రిటికల్, అట్టడుగున ఉండేది విష్‌లిస్ట్, అంటే ఉత్త కోరికల చిట్టా. వీళ్లూ అదే వరస పాటిస్తున్నారు. నేను మొహమాటం లేకుండా క్రిటికల్ పెట్టాను.

పావుగంటలో బృందంలోని ఒకాయన జవాబిచ్చాడు. ఒకే ఒక్క వాక్యం: ‘మీ కంప్యూటర్‌లో ఈ రోజు తేదీ ఎంత ఉందో చూసి చెబుతారా?’

చూశాను. 2008 జనవరి 1. సమయం అర్ధరాత్రి దాటింది.

కంప్యూటర్ ఆపేసినా గడియారం ఆగకుండా మదర్‌బోర్డు మీద చిన్న బ్యాటరీ ఒకటుంటుంది. అది ఎప్పుడో ప్రాణం విడిచింది. దాంతో మా నెట్‌బుక్ ఆన్ చేసిన ప్రతిసారీ తను పుట్టిన ఏటికే వెళ్లిపోతోంది. సైట్ల భద్రతా సర్టిఫికెట్లకి ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకూ అని గడువుంటుంది. 2008లో కూర్చున్న యంత్రానికి అవన్నీ ఇంకా పుట్టని కాగితాలు. అది నమ్మకపోవడంలో న్యాయం ఉంది. నేనైనా నమ్మను.

అయినా ఓడిపోవడం ఇష్టం లేక, ‘నెట్ చూసి గడియారం సరిచేసుకునే ఏర్పాటు మీరు పెట్టాలి కదా’ అని వాదించాను. బరువు తగ్గించడానికి ఈ ఆల్ఫాలో దాన్ని తీసేశామనీ, నా సూచన తప్పక పరిశీలిస్తామనీ ఎంతో మర్యాదగా చెప్పి, నా బగ్గుని క్రిటికల్ నుంచి విష్‌లిస్ట్‌లోకి దింపాడు. ఏడో మెట్టు నుంచి ఒకటో మెట్టుకి, మధ్యలో ఎక్కడా ఆగకుండా.

సరే, బ్యాటరీ మారుద్దామని నెట్‌బుక్ విప్పాను. సీఆర్ 2032 అనే బిళ్ల అది. కొలతలు పేరులోనే ఉంటాయి, 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మిల్లీమీటర్ల మందం. నేను స్క్రూలు లెక్కపెట్టుకుంటుంటే మా అమ్మాయి టార్చ్ పట్టుకుంది. కీబోర్డు పైకెత్తగానే కెవ్వుమంది.

“నాన్నా! నీ బగ్గు!”

ఎండి అట్టకట్టిన బొద్దింక. ఫ్యాన్ పక్కన నిమ్మళంగా పడుకుని ఉంది.

నేను ఏమాత్రం చలించలేదు. 1947 సెప్టెంబర్‌లో హార్వర్డ్ మార్క్ 2 కంప్యూటర్ రిలే అనే విద్యుత్ స్విచ్‌లో చిక్కుకున్న చిమ్మట ఒకటి దొరికితే, దాన్ని లాగ్ పుస్తకంలో టేపుతో అంటించారనీ, ఆ పేజీని ఇప్పటికీ స్మిత్‌సోనియన్ మ్యూజియంవాళ్లు భద్రంగా దాచారనీ వివరించాను. “అయితే దీన్ని కూడా అంటించి పంపించు నాన్నా, క్రిటికల్ అని రాసి” అంది. ఈ కాలం పిల్లలకి చరిత్ర అంటే గౌరవం లేదు.

కొత్త బ్యాటరీతో తేదీ కుదిరింది, నెట్ కుదిరింది. ఇక పెన్ డ్రైవ్ మీద కాకుండా ఏకంగా హార్డ్ డిస్క్ మీదే ఇన్‌స్టాల్ చేశాను. మధ్యలో పేరూ, పాస్‌వర్డూ అడిగింది. నేను రెండు వేళ్లతో, కళ్లు కీబోర్డు మీద పెట్టి టైప్ చేసే రకం. తెర వైపు చూడటం మా సంప్రదాయంలో లేదు. కొట్టాను, ఓకే నొక్కాను.

రీస్టార్ట్ అయ్యాక లాగిన్ తెర వచ్చింది. దానిమీద నా పేరు చూసి గుండె ఆగినంత పనైంది. ఇంగ్లిషులో నా పేరు ఎమ్, యూ అనే అక్షరాలతో ముగుస్తుంది. అక్కడ ఎమ్ లేదు, యూ లేదు, 04 ఉంది. పాస్‌వర్డ్ కొడితే తప్పంది. మళ్లీ కొట్టాను, మళ్లీ తప్పే. ఆహా, వాడేవాడి పేరునే తినేసింది, ఇంతకు మించిన బగ్గుంటుందా! ఫిర్యాదుకి శీర్షిక కూడా అనుకున్నాను: ‘మీ వ్యవస్థ మనుషుల పేర్లు మార్చేస్తోంది.’

పంపేముందు, వద్దు వద్దనుకుంటూనే, మా అమ్మాయిని పిలిచాను. అది తెర వైపు చూడనే లేదు. కీబోర్డు మీదికి వంగి, ఎమ్ అక్షరం పక్కన నీలం రంగులో చిన్నగా అచ్చేసిన సున్నాని వేలితో చూపించింది. యూ పక్కన నాలుగుంది.

“నమ్ లాక్ నాన్నా.”

చోటు లేని కీబోర్డుల్లో అంకెల మీటలు విడిగా ఉండవు. నమ్ లాక్ నొక్కితే కొన్ని అక్షరాలే అంకెలైపోతాయి. ఇన్‌స్టాల్ మొదలుపెట్టేటప్పుడు నా బొటనవేలు ఆ మీట మీద పడి ఉంటుంది. ఇన్‌స్టాల్ చేసినంతసేపూ అది వెలుగుతూనే ఉందట. అదే నమ్ లాక్ మళ్లీ నొక్కి, అదే పాస్‌వర్డ్ కొడితే తలుపు తెరుచుకుంది. ఖాతా పేరు మార్చడం పెద్ద పని, మళ్లీ ఇన్‌స్టాల్ చేసే ఓపిక లేదు. ఉండనీలే అని వదిలేశాను. ఆ రోజు నుంచి ఇంట్లో నన్ను జీరో ఫోర్ అంటున్నారు.

నాలుగు రోజులు బగ్గుల జోలికి పోలేదు. ఐదో రోజు, తన ఫోన్‌లో ఛార్జింగ్ అయిపోయిందని మా ఆవిడ నెట్‌బుక్ ముందు కూర్చుంది. ఏదో తెలుగు కథ చదువుదామని తెరిచింది.

“ఏవండీ, ఇదేంటి, అన్నీ ఇటుకలే ఉన్నాయి? గోడ కడుతున్నారా?”

వెళ్లి చూశాను. పేజీ నిండా డబ్బాలు, ఒక్కో డబ్బాలో నాలుగు బుల్లి అంకెలూ అక్షరాలూ. నేను ఇన్నాళ్లూ ఇంగ్లిషులో బగ్గులు వెతుకుతూ కూర్చున్నాను, తెలుగు పేజీ ఒక్కటి తెరిచి చూసిన పాపాన పోలేదు. బరువు తగ్గించే ఊపులో వాళ్లు ఇంగ్లిషు అక్షరాల ఫాంట్లు తప్ప అన్నీ పీకేశారు. అక్షరం బొమ్మ ఏ ఫాంటులోనూ దొరక్కపోతే దాని స్థానంలో ఇలా డబ్బా గీస్తారు. ఈ డబ్బాలకి టోఫూ అని పేరు. గూగుల్ ఫాంట్లకి నోటో అన్న పేరు కూడా ‘నో టోఫూ’ నుంచి వచ్చిందే.

డబ్బాలో ఉన్నది ఆ అక్షరం యూనికోడ్ సంఖ్య, అంటే అన్ని భాషల అక్షరాలకీ కంప్యూటర్లలో ఇచ్చిన నంబరు. ‘తెలుగు’ అన్నచోట ఆరు డబ్బాలున్నాయి. మొదటిది 0సీ24, అంటే త. తర్వాత ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము. మూడక్షరాల మాట ఆరు ఇటుకలైంది. నేను ఒక్కో సంఖ్యా పట్టికలో వెతికి ఆవిడకి కథ చదివి వినిపించడం మొదలుపెట్టాను. అరగంటలో ‘అనగనగా ఒక’ దాకా వచ్చాం. ఆవిడ లేచి వెళ్లిపోయింది.

ఈసారి ఫిర్యాదు నాలుగే వాక్యాలు రాశాను, ఒకే ఫోటో పెట్టాను. నెట్‌బుక్‌లోనే ఉన్న రిపోర్ట్ టూల్‌తో పంపాను. తీవ్రత ఏం పెట్టాలో తోచక, అడిగితే వాళ్లే చెబుతారని వదిలేశాను. లోహిత్ తెలుగు లాంటి ఫాంటు ఒకటి పెడితే చాలు, పెరిగే బరువు కొన్ని వందల కేబీలే అని మాత్రం గుర్తుచేశాను. మర్నాడు జవాబొచ్చింది. నిజమైన బగ్గే! తెలుగే కాదు, మిగతా భారతీయ భాషలూ అన్నీ ఇటుకలేనట, అప్పటిదాకా ఎవరూ చెప్పలేదట. తీవ్రత ఇంపార్టెంట్ అని వాళ్లే వేశారు. ఆ జవాబుని ఇంట్లో మూడుసార్లు పైకి చదివాను.

రెండో ఆల్ఫా వచ్చింది. తెలుగు ముత్యాల్లా కనబడుతోంది, ఒత్తులు కూడా ఎక్కడివి అక్కడే ఉన్నాయి. నేను తిన్నగా విడుదల నోట్ చివరికి వెళ్లాను. భారతీయ భాషల ఫాంట్ల లోపం పట్టిచ్చినవారికి కృతజ్ఞతలు అని ఉంది. పక్కనే పేరు కూడా ఉంది. ఆ టూల్ పంపినవాళ్ల పేరుని ఖాతాలోంచే తీసుకుంటుందన్న సంగతి అప్పుడు తెలిసింది.

మా ఆవిడ నా భుజం మీదుగా తొంగిచూసి కళ్లద్దాలు సవరించుకుంది.

“ఇటుకలు కనిపెట్టింది నేనైతే, మధ్యలో ఈ సున్నా నాలుగు ఎవడండీ?”