తాళాలు అప్పగించి తలుపు తట్టిన నాదెళ్ల

2023 అక్టోబర్ 2న సత్య నాదెళ్ల వాషింగ్టన్ కోర్టులో బోనెక్కారు. సెర్చ్ గుత్తాధిపత్యం మీద అమెరికా న్యాయశాఖ గూగుల్‌పై వేసిన కేసులో ఆయన సాక్షి. అక్కడ ఆయన అన్న ఒక మాట బాగా పేలింది. అందరూ ఓపెన్ వెబ్, ఓపెన్ వెబ్ అంటారు గానీ నిజానికి ఉన్నది గూగుల్ వెబ్బే అన్నారు. నా వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే చప్పట్లు, మన హైదరాబాదీ గూగుల్‌ను కడిగేశాడని.

నాకు మాత్రం నవ్వొచ్చింది. ఆ గూగుల్ వెబ్ కట్టడానికి రాళ్లు మోసినవాళ్లలో ఆయన కంపెనీ కూడా ఉంది. 2018 డిసెంబర్ 6న మైక్రోసాఫ్ట్ తన ఎడ్జ్ బ్రౌజర్‌లోంచి పేజీని తెర మీద గీసే సొంత ఇంజిన్ ఎడ్జ్‌హెచ్‌టీఎంఎల్‌ను తీసేసి, క్రోమ్‌కు పునాదిగా గూగుల్ నడిపే క్రోమియంను పెట్టుకుంటున్నామని ప్రకటించింది. 2020 జనవరి 15న కొత్త ఎడ్జ్ వచ్చేసింది. అప్పటికి కంపెనీకి సీఈఓ ఈ నాదెళ్లే. తాళాల గుత్తి తనే ఎదురింటివాడి చేతిలో పెట్టి, ఐదేళ్ల తర్వాత జడ్జి దగ్గరికెళ్లి ‘తలుపు తీయడం లేదండీ’ అంటే ఏమనాలి?

ఎందుకు మార్చారన్నది ఈపాటికి అందరికీ తెలిసిందే. విండోస్ 10తో కలిసి 2015లో పుట్టిన ఎడ్జ్ దానితోపాటే అప్‌డేట్ అయ్యేది, అందుకే ఎప్పుడూ రెండడుగులు వెనకే ఉండేది. డెవలపర్లు సైటును క్రోమ్‌లో చూసుకుని వదిలేసేవారు. అది ఎడ్జ్‌లో చెడిపోతే జనం ఎడ్జ్‌నే తిట్టేవారు. ఎంత మందిని పెట్టి పని చేయించినా వాటా పెరగలేదు. లెక్కల మనిషి ఎవరైనా ఆ దుకాణం మూసేస్తాడు, కాదనను. ఒపెరా 2013లోనే తన ప్రెస్టో ఇంజిన్‌ను వదిలేసింది కూడా. కానీ ఒపెరా చిన్న కంపెనీ, గతిలేక చేసింది. బిలియన్ల డాలర్ల లాభం చూసే మైక్రోసాఫ్ట్‌కు ఏం తక్కువైందని?

బ్రౌజర్ అనగానే మనకు ట్యాబులు, అడ్రస్ బారు గుర్తొస్తాయి. అవి పైన వేసిన రంగు మాత్రమే. సర్వర్ నుంచి వచ్చిన కోడ్ చదివి ఏ అక్షరం ఎక్కడ పడాలో, ఏ బొమ్మ ఎంత ఉండాలో, ఏ బటన్ నొక్కితే ఏమవ్వాలో తేల్చేది ఇంజిన్. చెప్పుకోదగ్గవి ఇవాళ మూడే మిగిలాయి. క్రోమియంలో ఉండే గూగుల్ బ్లింక్, ఆపిల్ వెబ్‌కిట్, మొజిల్లా గెకో. క్రోమ్, ఎడ్జ్, ఒపెరా, బ్రేవ్, వివాల్డీ, శాంసంగ్ ఇంటర్నెట్... పేర్లు ఎన్నయినా, ఐఫోన్ సంగతి పక్కన పెడితే, అన్నింటి లోపలా ఉన్నది బ్లింకే. ఆ బ్లింక్ 2013లో వెబ్‌కిట్ నుంచి వేరుపడింది. వెబ్‌కిట్ ఏమో కేడీఈ అనే ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు వలంటీర్లు రాసిన కేహెచ్‌టీఎంఎల్ నుంచి వచ్చింది. అంటే ఆ మూడింట్లో రెండు ఒకే ఇంటివి. నిజంగా బయటివాడు ఫైర్‌ఫాక్స్‌లోని గెకో ఒక్కడే.

అవతలి వాదన కూడా విందాం. క్రోమియం ఓపెన్ సోర్స్, ఎవరైనా తీసుకోవచ్చు, నచ్చకపోతే చీల్చుకుని వేరు కుంపటి పెట్టుకోవచ్చు అంటారు. మైక్రోసాఫ్ట్ ఇంజినీర్లు క్రోమియంలోకి వేల మార్పులు పంపారు, బ్యాటరీ వాడకం తగ్గించారు, చూపులేనివాళ్లకు పనికొచ్చే సదుపాయాలు మెరుగుపరిచారు. ఇదంతా నిజమే. డెవలపర్‌కు కూడా హాయి. ఒకసారి టెస్ట్ చేస్తే చాలు, ఆరు బ్రౌజర్లలో ఒకేలా ఆడుతుంది.

సరిగ్గా ఆ హాయి దగ్గరే నాకు 2010 నాటి సంగతి ఒకటి గుర్తొస్తుంది. ఈ చర్చ వచ్చినప్పుడల్లా ఎవరూ ఎత్తరెందుకో గానీ, నా దృష్టిలో మొత్తం కథ అందులోనే ఉంది. బ్రౌజర్ లోపలే చిన్న డేటాబేస్ ఉంటే బావుంటుందని వెబ్ ఎస్‌క్యూఎల్ అనే ప్రమాణం రాయడం మొదలుపెట్టారు. క్రోమ్, సఫారీ, ఒపెరా మూడూ అమలు చేసేశాయి. పని చేస్తోంది, వేగంగా ఉంది, డెవలపర్లకు నచ్చింది. అయినా ఆ ఏడాది నవంబర్‌లో ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ దాన్ని పక్కన పెట్టేసింది. కారణం ఏమిటంటే, మూడు బ్రౌజర్లూ లోపల వాడింది ఎస్‌క్యూలైట్ అనే ఒకే సాఫ్ట్‌వేర్‌ను. ప్రమాణం ముసాయిదాలోనే ‘ఎస్‌క్యూలైట్ 3.6.19 ఏ భాష ఒప్పుకుంటే అదే’ అన్న అర్థంలో రాసుకున్నారు. ప్రమాణం అనిపించుకోవాలంటే దాన్ని చదివి, ఒకరికొకరు సంబంధం లేనివాళ్లు విడివిడిగా కట్టి చూపించాలి. అందరూ ఒకే డబ్బా తెచ్చి ముందు పెడితే, ప్రమాణం అంటే కాగితమా, డబ్బానా?

గమనించండి, ఎస్‌క్యూలైట్ ఓపెన్ సోర్స్ కంటే ఓ మెట్టు పైనే. దాన్ని కాపీరైటే లేకుండా పబ్లిక్ డొమైన్‌లో పెట్టేశారు. నాణ్యతలో వేలెత్తి చూపేదేమీ లేదు. అయినా ఒద్దన్నారు. కోడ్ అందరిదీ అయినంత మాత్రాన నిర్ణయం అందరిదీ కాదని ఆ రోజు ఆ గదిలో కూర్చున్నవాళ్లకు తెలుసు. ఎనిమిదేళ్లు తిరిగేసరికి వాళ్లు వద్దన్న పనే వెబ్ మొత్తానికీ చేసేశాం, పైగా మంచిదే జరిగిందనుకున్నాం.

మైక్రోసాఫ్ట్ ప్రతినిధులు ఇప్పటికీ ప్రమాణాల సమావేశాలకు వెళ్తారు, మాట్లాడతారు. కానీ అక్కడ మాటకు బరువు ఇంజిన్ వల్ల వస్తుంది. ‘ఇది మా యూజర్లకు మంచిది కాదు, మేం అమలు చేయం’ అని చెప్పాలంటే అమలు చేయడానికో మానడానికో సొంతదంటూ ఒకటి ఉండాలి కదా. మానిఫెస్ట్ వీ3 వ్యవహారం చూడండి. ఎక్స్‌టెన్షన్ల (బ్రౌజర్‌కు తగిలించుకునే చిన్న ప్రోగ్రాముల) నిబంధనలు గూగుల్ మార్చింది. యాడ్‌లను ఆపే యూబ్లాక్ ఆరిజిన్ లాంటి వాటికి పూర్వపు బలం పోయింది. యాడ్‌ల మీద బతికే కంపెనీ యాడ్‌లను ఆపే పనిముట్టు మీద నిబంధనలు రాయడమంటే పులికి మేకల లెక్క అప్పజెప్పడమే. 2024 నుంచి క్రోమ్ పాత ఎక్స్‌టెన్షన్లను ఆపేస్తూ వచ్చింది. బ్రేవ్ లాంటివాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టే పాత ఎక్స్‌టెన్షన్లను ఎలాగోలా నడిపిస్తామన్నారు, అంతకు మించి వాళ్ల వల్ల కాదు. ఫైర్‌ఫాక్స్ మాత్రం పాత పద్ధతిని ఉంచుకుంది. దాని ఇంజిన్ దానిదే కాబట్టి ఎవరి అనుమతీ అడగక్కర్లేదు. వేరు కుంపటి పెట్టుకోవచ్చన్నవాళ్లు ఒక్కరైనా పెట్టారా?

ఒకే ఇంజిన్ లోకం ఎలా ఉంటుందో మనకు కొత్తేమీ కాదు. 2001లో మైక్రోసాఫ్ట్ వారి ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 6 వచ్చింది. 7 రావడానికి 2006 దాకా ఐదేళ్లు పట్టింది. పోటీ లేనప్పుడు ఎవరు మాత్రం తొందరపడతారు? ఆ రోజుల్లో, 2005 అనుకుంటా, విజయవాడలో ఓ నెట్ సెంటర్‌కు వెళ్లేవాణ్ణి. గంటకు పదిహేను రూపాయలు. కొత్తగా ఫైర్‌ఫాక్స్ కనిపిస్తే ఉత్సాహంగా అందులో ఓ తెలుగు పేపరు సైట్ తెరిచాను. వార్తలకు బదులు తెర నిండా తలల మీద చుక్కలు, టోపీలు పెట్టుకున్న యూరప్ అక్షరాలు. కౌంటర్ దగ్గరి కుర్రాడు కూర్చున్న చోటు నుంచే అన్నాడు: “అన్నా, తెలుగు పేపరు కావాలంటే ఆ నీలం ‘ఈ’ నొక్కాలి. ఆ నక్క పనికిరాదు.”

వాడు చెప్పింది అక్షరాలా నిజం. అప్పట్లో తెలుగు పత్రికలు, ప్రతి భాష అక్షరానికీ ప్రపంచమంతా ఒకే సంఖ్య ఇచ్చే యూనికోడ్ వాడేవి కావు. ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు కూర్చిన సొంత ఫాంట్ ఒకటి తయారుచేసుకుని, పేజీతోపాటే దాన్ని పంపేవి. ఆ పంపే పద్ధతి ఎక్స్‌ప్లోరర్‌కే తెలుసు. పేజీ నుంచి ఫాంట్ దించుకోవడం ఫైర్‌ఫాక్స్ నేర్చుకునేసరికి 2009 వచ్చింది. ఈలోపు ‘పద్మ’ అనే ఎక్స్‌టెన్షన్ ఒకటి వచ్చి, ఆ చిత్రలిపిని యూనికోడ్ తెలుగులోకి మార్చి చూపించేది. అది లేకపోతే లినక్స్ వాడేవాడికి తెలుగు వార్తల్లేవు. అప్పటి తెలుగు వెబ్‌లో చాలా భాగం గూగుల్ సెర్చ్‌కు కూడా దొరకదు, ఎందుకంటే కంప్యూటర్ లెక్కలో అది తెలుగే కాదు. ఒక కంపెనీ బ్రౌజర్‌ను నమ్ముకుని ఏళ్ల తరబడి రాసినదంతా అలా నీళ్లలో కలిసింది.

ఇప్పుడు యూనికోడ్ ఉందిగా, ఆ బాధ లేదుగా అంటారేమో. ‘స్త్రీ’ అని టైపు చేసి చూడండి. మనకది ఒక అక్షరం, ఒకటో తరగతి పిల్లాణ్ణి అడిగినా చెబుతాడు. కానీ యూనికోడ్ పాత నియమాల ప్రకారం అది మూడు ముక్కలు: స్, త్, రీ. వ్యాసం మొదటి అక్షరాన్ని పెద్దగా చూపించు అని వెబ్ పేజీలో రాస్తే ఇంజిన్ వాటిలో మొదటి ముక్కనే తీసుకుని, పొల్లు పెట్టిన ఒంటరి ‘స్’ను నిలబెట్టే ప్రమాదం ఉంది. 2023లో వచ్చిన యూనికోడ్ 15.1 దీన్ని సరిదిద్ది, తెలుగు సంయుక్తాక్షరాన్ని ఒకే అక్షరంగా లెక్కపెట్టమంది. సంతోషమే. అయితే నియమం పుస్తకంలో ఉంటే చాలదు, ఇంజిన్‌లోకి ఎక్కాలి. ఎక్కించాల్సిన ఇంజిన్ ఒక్కటే అయినప్పుడు మన ఫిర్యాదు నిలబడాల్సిన క్యూ కూడా ఒక్కటే, అందులో మన ముందు ఎవరుంటారో మనకు తెలీదా?

తెలుగు అక్షరాల పొందిక సంగతికే వస్తే పరిస్థితి ఇంకా సన్నం. క్రోమ్, ఫైర్‌ఫాక్స్ రెండూ ఆ పనికి హార్ఫ్‌బజ్ అనే ఒకే లైబ్రరీని వాడతాయి. పాత ఎడ్జ్ మైక్రోసాఫ్ట్ సొంత డైరెక్ట్‌రైట్‌ను వాడేది. అది పోవడంతో బ్రౌజర్లలో తెలుగును విడిగా గీసే చెయ్యి ఒకటి తగ్గింది. ఆపిల్‌కు మాత్రం సొంత కోర్‌టెక్స్ట్ ఉంది. 2018 ఫిబ్రవరిలో ఏమైందో గుర్తుందిగా? ‘జ్ఞ’ తర్వాత కంటికి కనపడని ఓ గుర్తు, దాని తర్వాత దీర్ఘం. అంతే, ఐఫోన్‌లో ఆ మెసేజ్ తెరిచిన యాప్ తెరిచినట్టే కుప్పకూలింది. జ్ఞానం మోయలేని ఫోన్లని జోకులు పేలాయి. ఆపిల్ హడావిడిగా ఐఓఎస్ 11.2.6 పంపాల్సి వచ్చింది. అదే మెసేజ్ ఆండ్రాయిడ్ ఫోన్‌లో చీమ కుట్టినట్టయినా లేదు, అక్కడ గీసే చెయ్యి వేరు కాబట్టి. తప్పు ఎవరైనా చేస్తారు. అందరూ ఒకేసారి ఒకే తప్పు చేయకుండా ఉండాలంటే చేతులు వేరుగా ఉండాలి.

ఇక మన స్వదేశీ ముచ్చట. మన సొంత బ్రౌజర్ కావాలని కేంద్ర ఐటీ శాఖ 2023లో పోటీ పెట్టింది. 2025 మార్చిలో ఫలితాలు చెప్పారు. మొదటి బహుమతి కోటి రూపాయలు జోహో కంపెనీకి వెళ్లింది. వాళ్ల బ్రౌజర్ పేరు ఉలా. వాడి చూశాను, ప్రైవసీ సెట్టింగులు బావున్నాయి. జోహోను తప్పుపట్టడానికి కూడా లేదు, ఉన్నంతలో తెలివైన పనే చేశారు. కానీ బానెట్ ఎత్తి చూస్తే లోపలున్నది క్రోమియమే. అంబాసిడర్ కారుకు మూడు రంగుల స్టిక్కర్ అంటించినా ఇంజిన్ ఎవరిదో మెకానిక్‌కు తెలుస్తుంది. హైదరాబాద్‌లో 1998 నుంచి మైక్రోసాఫ్ట్ డెవలప్‌మెంట్ సెంటర్ ఉంది. గూగుల్ కూడా ఇక్కడే భారీ క్యాంపస్ తలపెట్టింది. ఒకడు క్రోమ్‌ను పెంచి గూగుల్ సీఈఓ అయిన మన పక్క రాష్ట్రంవాడు సుందర్ పిచాయ్, ఇంకొకడు దాని ముందు చేతులెత్తేసిన మన ఊరివాడు నాదెళ్ల. ఇద్దరి ఫొటోలూ కోచింగ్ సెంటర్ల ఫ్లెక్సీల మీద పక్కపక్కనే ఉంటాయి. ఇన్ని వేల మంది ఇంజినీర్లున్న ఊళ్లో, సొంత లిపిని తెర మీద సరిగ్గా గీసే కోడ్ గురించి ఒక్క ఫ్లెక్సీ చూపించండి.

కోటి రూపాయలతో కొత్త ఇంజిన్ రాదని నాకూ తెలుసు. మొజిల్లా విడిచిపెట్టిన సర్వో అనే ఇంజిన్‌ను లినక్స్ ఫౌండేషన్ నీడన కొందరు మళ్లీ లేపుతున్నారు. లేడీబర్డ్ అని ఒక లాభాపేక్ష లేని సంస్థ మొదటి నుంచీ సొంతంగా ఇంజిన్ రాస్తోంది. ఆ బహుమతి డబ్బుతో తెలుగు, తమిళం, బెంగాలీ తెలిసిన పదిమంది ఇంజినీర్లకు జీతమిచ్చి రెండేళ్లు ఆ ప్రాజెక్టుల్లో కూర్చోబెట్టలేమా? లోపల కూర్చున్నవాడికి క్యూలో నిలబడే పని ఉండదు.

ఇక ఆ నక్క సంగతి. కేసు విన్న జడ్జి అమిత్ మెహతా 2024 ఆగస్టులో గూగుల్‌ది చట్టవిరుద్ధమైన గుత్తాధిపత్యమేనని తేల్చారు. 2025 సెప్టెంబర్‌లో శిక్ష దగ్గరికొచ్చేసరికి క్రోమ్‌ను అమ్మించాల్సిన పని లేదన్నారు. తమ సెర్చ్‌ను డిఫాల్ట్‌గా పెట్టినందుకు గూగుల్ ఇతరులకు డబ్బు చెల్లించడం కూడా ప్రత్యేక ఒప్పందాలు లేకుండా కొనసాగించుకోవచ్చన్నారు. ఆ మాట విని అందరికంటే ముందు ఊపిరి పీల్చుకుని ఉండేది ఆ ఫైర్‌ఫాక్స్‌ను తయారుచేసే మొజిల్లాయే. గూగుల్ ఇంజిన్ వాడకుండా మిగిలిన ఆ ఒక్క బయటివాడి రాబడిలో సింహభాగం గూగుల్ ఇచ్చే చెక్కే.