వందేళ్ల వరద గారికి, విజయవాడ సింగ్‌నగర్ గ్రౌండ్ ఫ్లోర్ నుంచి

అయ్యా వందేళ్ల వరద గారూ,

నమస్కారమండి. మీరెళ్లాక మా వీధి టీకొట్టు దగ్గర ఒకాయన లెక్క తేల్చేశాడు, 2024లో వచ్చేసింది కాబట్టి మళ్లీ 2124 దాకా రాదు, అప్పటికి మనమూ ఉండం మన ఈఎంఐలూ ఉండవు అని. ప్లాట్లమ్మే వాళ్లయితే ఇంకా ముందున్నారు, "సార్ ఇక్కడ వరద ఆల్రెడీ అయిపోయింది" అంటున్నారు.

మీరేమో ఏటా చీటీ తీస్తారట కదా, నూటిలో ఒక చీటీ మీది, తీశాక మళ్లీ డబ్బాలోనే పడేస్తారట. అంటే 30 ఏళ్ల హోమ్ లోన్ తీరేలోపు ఒక్కసారైనా మా గుమ్మం తొక్కే ఛాన్స్ 26 శాతం. బ్యాంకువాళ్లు సిబిల్ స్కోర్ అడిగారు గానీ ఇది అడగలేదు మరి.

అసలు ఆ వందేళ్ల బిరుదు మీకెవరిచ్చారండీ? ఏటా నదిలో వచ్చిన అతిపెద్ద ప్రవాహం ఒక్కోటి రాసుకుని, ఆ నలభై యాభై అంకెల మీద గంబెల్ అనో లాగ్ పియర్సన్ టైప్ 3 అనో ఏదో ఒక గణాంక సూత్రంతో ఒక గీత గీసి, డేటా అయిపోయిన చోట నుంచి దాన్ని ముందుకి లాగుతారు. (గంబెల్ గారు నాజీలకి ఎదురు తిరిగి దేశం వదిలిన పెద్దమనిషి, ఆయన్నేం అనట్లేదు.) ఇంకో పెద్ద ఏడాది కలిస్తే గీత మారిపోద్ది, మీ వయసూ తగ్గిపోద్ది. ప్రకాశం బ్యారేజీ దగ్గర 2009 అక్టోబర్లో 11 లక్షల క్యూసెక్కులు దాటాయా, 15 ఏళ్లు తిరక్కుండానే 2024 సెప్టెంబర్లో 11.4 లక్షలు! పైగా శ్రీశైలం, సాగర్ కట్టకముందు అంకెలూ కట్టాక అంకెలూ ఒకే నదివే అనుకుని కలిపేస్తే ఎలా?

ఇంకోటి, మా ఇంట్లోకొచ్చింది కృష్ణమ్మ కాదు, బుడమేరు వాగు. దాని డైవర్షన్ కాలువ కలిసేది కృష్ణలోనే, కృష్ణ నిండుగా ఉంటే అది నీళ్లెక్కడ దించుకుంటది? కృష్ణకి నూటికొకటి, బుడమేరుకి నూటికొకటి, రెండూ ఒకేసారంటే పదివేలకొకటి అని గుణించేసి మురిసిపోయేవాళ్లకి కాస్త చెప్పండి, ఇద్దరి మీదా కురిసింది ఒకే అల్పపీడనం అని.

చివరిగా ఒక మనవి. గోడల మీద మీరు వదిలిన మరకలైనా ఉంచమనండి, నీళ్లు ఎంతెత్తు వచ్చాయో చెప్పడానికి మా వీధికి ఉన్న గేజ్ అదొక్కటే. పక్కింటాయన ఆల్రెడీ పుట్టీ పెట్టించి, రంగేయించి, టూలెట్ బోర్డు తగిలించాడు, అద్దె కూడా పెంచాడు.