సవరణ: తెరపై వెనుక వరుసలో మాటలు

సినిమాల్లో వెనుక జనంగా కనిపించే జూనియర్ ఆర్టిస్టుల పని గురించి ఇంతకుముందు రాసినప్పుడు, హోటల్ సన్నివేశంలో వెనుక బల్లల దగ్గర కూర్చున్నవారు తమలో తాము మెల్లగా మాట్లాడుకుంటూ ఉండాలని చెప్పాను, అది తప్పు. సెట్‌లోనే సంభాషణలు రికార్డు చేసే చిత్రీకరణలో వాళ్లు పెదవులు కదుపుతారే తప్ప గొంతు బయటికి రానివ్వరు, ఎందుకంటే ప్రధాన నటుల మాటల మీద పడిన గుసగుసను తరువాత విడదీయడం చాలా కష్టం. తెరపై మనకు వినిపించే జనసందడిని విడిగా రికార్డు చేసి కలుపుతారు. గ్లాసు కూడా చప్పుడు కాకుండా దించాలి. చెప్పులు టకటకలాడితే వాటి అడుగున మెత్తటి పట్టీ అంటిస్తారు. సంభాషణలన్నీ తరువాత డబ్బింగ్‌లో చెప్పించుకునే చోట ఈ పట్టింపు అంతగా ఉండదు. నేను ఎక్కువగా చూసినవి అలాంటి సెట్లే కావడం వల్ల, అక్కడి అలవాటునే నియమమనుకున్నాను.

మరొకటి, టేకుల మధ్య కుర్చీ మారవచ్చని రాశాను. మారకూడదు. మొదటి టేకులో కుడిచేత కప్పు పట్టుకుని, కథానాయిక ఫలానా మాట అనగానే లేచినవారు, కెమెరా కోణం మార్చి అదే సన్నివేశాన్ని ఎన్నిసార్లు తీసినా అదే చేత కప్పుతో, అదే మాటకు లేవాలి. లేకపోతే ఎడిటింగ్‌లో రెండు షాట్లు అతకవు.