కొలిచి చూడటం వల్ల కలిగే అనర్థాలు

హైదరాబాద్ ఆటోనగర్‌లో ఈ మధ్య ఒక ప్రమాదకరమైన అలవాటు తలెత్తుతోంది. పాతది విప్పి కొత్తగా కట్టించిన లారీ ఇంజను ఆయిల్ తాగుతోందని అనుమానం రాగానే, కొందరు కుర్ర ఓనర్లు అది ఎంత తాగుతోందో కొలిచి చూస్తున్నారు. జేబులో చిన్న పుస్తకం, అందులో కిలోమీటర్లు, పక్కన లీటర్లు. పెద్దలు దీన్ని మొగ్గలోనే తుంచకపోతే ఈ నగరంలో తరాలుగా వస్తున్న ఒక మహావిద్య అంతరించిపోతుందన్న ఆవేదనతో ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఆ విద్య తీరు ఇది. ఆయిల్ తగ్గుతోందని డ్రైవరు చెబుతాడు. ఓనరు ఇంజను కట్టిన ఉస్తాద్‌కు ఫోను చేస్తాడు. ఉస్తాద్ ఉన్నచోటు నుంచి కదలకుండానే, "రింగులు ఇంకా కూర్చోలేదు సేఠ్, కొన్నాళ్లు తిరగనివ్వండి" అంటాడు. ఇందులో అబద్ధం లేదు, దీని అందమంతా అక్కడే ఉంది. పిస్టన్ చుట్టూ తొడిగే కొత్త రింగులు, ఆ పిస్టన్ ఆడే గొట్టం, అంటే బోరు, గోడతో ఒరుసుకుని అమరేదాకా కాస్త ఆయిల్ ఖర్చు కావడం సహజమే. అమరేవి మొదటి కొన్ని వేల కిలోమీటర్లలోనే అమరుతాయన్న సంగతి మాత్రం ఓనరు చెవిన పడకూడదు. పడలేదు కనుకనే దసరాకు కట్టిన ఇంజను ఉగాది పచ్చడి నాటికి కూడా కొత్తదిగానే చలామణి అవుతుంది.

అప్పటికీ తగ్గకపోతే విచారణ మొదలవుతుంది. ఉస్తాద్ బోరు కోసిన లేతు షాపును అంటాడు: బోరు వదులు చేశారు. లేతు షాపువారు రాణీగంజ్‌లో స్పేర్ పార్టులు అమ్మినవారిని అంటారు: రింగులు డూప్లికేటు. వారు పెట్టె మీది హోలోగ్రామ్ చూపించి, ఆయిల్ కల్తీదంటారు. ఆయిల్ అమ్మినాయన డ్రైవరును అంటాడు. డ్రైవరుకు క్లీనరును అనే హక్కు పూర్వం ఉండేది. ఇప్పుడు చాలా లారీల మీద క్లీనరే లేడు కనుక నేరం డ్రైవరు దగ్గరే ఆగిపోతుంది. బోరును కొలిచే గేజి లేతు షాపులో లేకపోలేదు. ఏటా ఆయుధ పూజకు తుడిచి కుంకుమ బొట్టు పెడతారు. అంతకన్నా గౌరవం దానికి ఏమి కావాలి? రింగు మీద 'టాప్' అని చెక్కి ఉంటుంది, ఆ వైపు పైకి ఉంచమని. తిరగేసి వేస్తే ఆయిల్‌ను కిందికి గీకాల్సిన రింగు పైకి తోడుతుంది. కానీ రాసి ఉన్నది చదవడమూ ఒక రకం కొలతే కదా, సంప్రదాయం దాన్నీ ప్రోత్సహించదు.

ఈ విద్యలో ఓనరు పాత్ర చిన్నదేమీ కాదు. లక్షలు పోసి కట్టించిన ఇంజను. దానికి దిష్టి తీయించి, నిమ్మకాయలు తొక్కించి, డ్రైవరును కూర్చోబెట్టి చెబుతాడు: "లోడు వేయకు, గట్టిగా తొక్కకు, పొద్దున్నే అరగంట ఊరికే ఆన్‌లో ఉంచు." కొత్తల్లుడికి కూడా ఇంత మర్యాద జరగదు. ఆ మర్యాదే ఇంజను కొంప ముంచుతుంది. రింగులను బోరు గోడకు గట్టిగా అదిమేది వాటి వెనక చేరే మంట ఒత్తిడి. లోడు లేకపోతే ఆ ఒత్తిడి చాలదు. బోరు గోడను సన్నగా గరుకు చేసే హోనింగ్‌లో గీసిన అడ్డగీతల మీద, కాలీకాలని ఆయిల్ పొరగా పేరుకుని, బోరు నున్నగా మెరవడం మొదలుపెడుతుంది. ఆ మెరుపు వచ్చాక రింగులు జన్మలో కూర్చోవు. మొదటి రోజు నుంచే తగుమాత్రం లోడు వేసి, వేగం మారుస్తూ నడిపి ఉంటే ఈ కథ ఉండేదే కాదు. అయితే ప్రేమకు లెక్కలుండవని మనవాళ్లు ఎన్నడో తేల్చేశారు.

ఇక పొగ పండితులు. సైలెన్సర్ దగ్గర నిలబడి "నీలం" అని ఒకరు, "నలుపు" అని ఒకరు, రెండు చాయ్‌ల దాకా వాదించుకోవడం ఎంత ముచ్చటైన దృశ్యం! దాన్ని ఈ కుర్రాళ్లు పాడుచేస్తున్నారు. పొద్దున స్టార్టు చేయగానే ఒక్క దఫా నీలి పొగ వచ్చి ఆగిపోతే వాల్వుల దగ్గర ఆయిల్‌ను ఆపే సీళ్లట. ఘాట్ దిగి మళ్లీ యాక్సిలరేటర్ తొక్కినప్పుడు గుప్పుమంటే వాల్వ్ కాడలు ఆడే గైడ్లట. లోడుతో ఎత్తు ఎక్కుతూ ఆగకుండా వదిలితే రింగులట. ఇలా విడమరచి చెప్పేస్తే మనుషులు ఏమి మాట్లాడుకోవాలి? పక్కనే హరిణ వనస్థలిలో ఉన్న కృష్ణజింకలు ఇన్నేళ్లుగా ఈ పొగ పీలుస్తున్నాయి. వాటినడిగినా ఇంతకన్నా మర్యాదగా, సందిగ్ధంగా చెబుతాయి.

నాకు తెలిసిన ఒక కుర్ర ఓనరు చేసిన అఘాయిత్యం వినండి. సమతలం మీద లారీ ఆపి, ఆయిల్ కిందికి దిగేదాకా ఆగి, గేజి పుల్ల మీది పై గీత దాకా పోశాడు. విజయవాడకు రెండుసార్లు వెళ్లొచ్చాడు, వెయ్యి కిలోమీటర్లు దాటాయి. అదే చోట ఆపి, కొలత డబ్బాతో మళ్లీ పై గీత దాకా పోశాడు. లీటరుకు 4 కిలోమీటర్లు ఇచ్చే బండి 1000 కిలోమీటర్లకు 250 లీటర్ల డీజిలు తాగుతుంది, ఆ డీజిలులో నూటికి అర వంతు లెక్కన ఆయిల్ ఖర్చయినా లీటరుంబావే, తన బండి నాలుగు లీటర్లు దాటింది అని ఉస్తాద్ ముఖం మీదే లెక్క చెప్పాడు. ఉస్తాద్ అనుభవజ్ఞుడు. "ఇంజను దించుదాం" అన్నాడు. కుర్రాడు దించనివ్వలేదు! బ్రేకుల ఎయిర్ ట్యాంకు కింద డ్రెయిన్ తిప్పాడు. గాలితో పాటు నల్లటి ఆయిల్ బుడబుడమంటూ కారింది. బ్రేకులకు గాలి కొట్టే ఎయిర్ కంప్రెసర్ రింగులు అరిగిపోయి ఇంజను ఆయిల్‌ను ట్యాంకులోకి నెడుతున్నాయి. కొత్త ఇంజనుకు దీనితో ఏ సంబంధమూ లేదు.

దీని పర్యవసానం ఆలోచించండి. ఇంజను దించితే బతికేవారు ఎందరు! చైన్ బ్లాకు వాడు, లేతు షాపు, గాస్కెట్ల దుకాణం, వారం రోజుల చాయ్. కంప్రెసర్ రిపేరుతో వీరిలో ఎవరికి పూట గడుస్తుంది? ఇదే దారిలో పోతే రేపు ఇంజను లోపలి గాలిని బయటికి వదిలే బ్రీదర్ పైపు పూడుకుందేమో చూస్తారు, టర్బో గొట్టం ఊడదీసి ఆయిల్ తడి ఉందేమోనని వేలు పెట్టి తడుముతారు, ఆయిల్ గేజి పుల్ల వేరే ఇంజనుదేమో అని కూడా అడుగుతారు. పొట్టి పుల్ల తక్కువ చూపిస్తే మనం ఎక్కువ పోస్తాం. ఆ ఎక్కువను ఇంజను అడుగున తిరిగే క్రాంకు చిలికి బ్రీదర్ గుండా బయటికి తోస్తుంది. తాగని ఇంజను మీద తాగుబోతు ముద్ర వేయడం ఇంత సులువని లోకానికి తెలిస్తే ఇంకేమన్నా ఉందా!

కనుక ఉస్తాదులు, లేతు షాపులు, స్పేర్ పార్టుల వారు, పొగ పండితులు సభ్యులుగా వెంటనే ఒక కమిటీ వేయాలి. నివేదికకు గడువు పెట్టకూడదు, గడువు కూడా కొలతే. అది వచ్చేలోగా ఓనర్లందరూ సీటు వెనక ఒక ఆయిల్ డబ్బా పెట్టుకుని తిరగాలని మనవి. డబ్బాలో ఎంత మిగిలిందో చేత్తో కుదిపి చూస్తే చాలు.