ప్యాకెట్ రేడియోకు ఖరీదైన టీఎన్సీ తప్పదా?

హ్యామ్ మిత్రుల (అభిరుచి కోసం లైసెన్సుతో రేడియో నడిపేవారి) మధ్య కొంతకాలంగా ఒక సందేశం చేతులు మారుతోంది. కొత్తగా లైసెన్సు చేతికొచ్చినవారు ప్యాకెట్ రేడియో (డేటాను చిన్న ముక్కలుగా రేడియో మీద పంపే పద్ధతి) గురించి అడిగిన ప్రతిసారీ ఎవరో ఒకరు దాన్నే తెచ్చి ముందు పెడుతున్నారు. దాని సారాంశం ఇది: "కొన్ని వందల రూపాయల సౌండ్ కార్డు మోడెమ్‌లు ఆటబొమ్మలు, బలహీనమైన సిగ్నల్‌ను అవి విప్పలేవు. చవక హ్యాండ్‌సెట్‌కు తగిలిస్తే అసలే పనిచేయవు. పేరున్న టీఎన్సీ కొనాలంటే వేలకు వేలు పోయాలి, అంత పోసినా దక్కేది 1200 బాడ్ వేగం. లోరా వచ్చాక దాని అవసరమే లేదు. పైగా మన దగ్గర వినేవాళ్లెవరూ లేరు." మోడెమ్ అంటే డేటాను శబ్దంగా, శబ్దాన్ని డేటాగా మార్చేది; టీఎన్సీ అంటే అలాంటి మోడెమ్‌తో కంప్యూటర్‌కూ రేడియో సెట్టుకూ మధ్య నిలిచి ప్యాకెట్లను కట్టి విప్పే పెట్టె; 1200 బాడ్ అంటే ఇక్కడ సెకనుకు 1200 బిట్లు; లోరా మరో రేడియో డేటా పద్ధతి. ఇందులో కొన్ని మాటలు సగం నిజాలు, కొన్ని ఒకప్పుడు నిజమై ఇప్పుడు కాకుండా పోయినవి, ఒకటి రెండు పూర్తిగా తప్పు. అన్నిటినీ ఒకే మూటగా కట్టి చెప్పడం వల్ల కొత్తవారు వెనక్కి తగ్గుతున్నారు గనుక, మూట విప్పి ఒక్కొక్కటిగా చూడవలసి వచ్చింది.

మొదటి ఆరోపణ మోడెమ్ మీదే కాబట్టి, ఆ మోడెమ్ చేయవలసిన పని ఎంతో ముందుగా తేల్చుకుందాం. వీహెచ్ఎఫ్‌లో (144 మెగాహెర్ట్జ్ లాంటి ఫ్రీక్వెన్సీల మీద) మనం వాడే 1200 బాడ్ ప్యాకెట్, బెల్ 202 అనే పాత టెలిఫోన్ మోడెమ్ ప్రమాణాన్ని అనుసరిస్తుంది. 1200 హెర్ట్జ్ ఒక టోను, 2200 హెర్ట్జ్ మరొక టోను. టోను మారితే సున్నా, మారకుండా సాగితే ఒకటి. ఒక్కో బిట్టు గాలిలో నిలిచేది సుమారు 833 మైక్రోసెకన్లు. సెకనుకు 48,000 నమూనాలు తీసే మామూలు యూఎస్‌బీ సౌండ్ కార్డుకు ఒక్కో బిట్టులో 40 నమూనాలు దొరుకుతాయి. పాటలు వినిపించడానికి తయారైన పరికరానికి ఈ రెండు టోన్లు ఒక లెక్క కాదు. మిగిలిన పని, అంటే ఫ్రేము (ఒక ప్యాకెట్‌లోని బిట్ల వరస) ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో గుర్తుపట్టడం, వరసగా ఐదు ఒకట్లు వచ్చిన తర్వాత పంపినవారు ఇరికించిన సున్నాను తీసివేయడం, చివరనున్న 16 బిట్ల తనిఖీ సంఖ్య సరిపోకపోతే ఫ్రేమును మొత్తంగా పారవేయడం, ఇదంతా వట్టి గణితమే. అతి చిన్న రాస్ప్‌బెర్రీ పై కంప్యూటర్ కూడా దాన్ని అవలీలగా చేస్తుంది.

మరి టీఎన్సీలకు అంత ధర ఎందుకు వచ్చింది? 1980లలో ఇళ్లలో ఉన్న కంప్యూటర్లకు ఆ గణితం చేసే శక్తి చాలేది కాదు. అమెరికాలోని టూసాన్ నగర ప్యాకెట్ బృందమైన టాపర్ రూపొందించిన టీఎన్సీ-2లో జెడ్80 ప్రాసెసరు, మెమరీ, ప్యాకెట్ రేడియో నియమావళి అయిన ఏఎక్స్.25 ప్రోటోకాల్ మొత్తం నింపిన ఈప్రామ్ చిప్పు, మోడెమ్ అన్నీ ఒకే పెట్టెలో ఉండేవి. పక్కనున్న కంప్యూటర్ తెరకూ కీబోర్డుకూ మాత్రమే పనికొచ్చేది. 1987లో మైక్ చెపోనిస్, ఫిల్ కార్న్ అనే ఇద్దరు హ్యాములు "కిస్" అనే ప్రోటోకాల్‌ను బయటపెట్టి, ఆలోచించే పనిని కంప్యూటర్‌కు అప్పగించే దారి చూపారు. జర్మనీ హ్యాములు తెచ్చిన బేకామ్ మోడెమ్ ఇంకా ముందుకు వెళ్లి, టీసీఎం3105 అనే ఒక్క చిప్పు చుట్టూ కొన్ని విడిభాగాలు పేర్చి, సీరియల్ పోర్టు నుంచి వచ్చే కొద్దిపాటి కరెంటుతోనే నడిచింది. అంటే చవక మోడెమ్ నిన్న మొన్న పుట్టిన చిట్కా కాదు. అప్పట్లో మనం ధర కట్టింది మోడెమ్‌కు కాదు, పెట్టెలో దాగిన చిన్న కంప్యూటర్‌కు. అది ఇప్పుడు ప్రతి ఇంట్లోనూ ఉండగా, దానికే మరోసారి డబ్బు కట్టమని కొత్తవారికి చెప్పడం ఏం న్యాయమో నాకు అర్థం కాదు.

బలహీనమైన సిగ్నల్ సంగతి ఊహకు వదలవలసిన విషయం కాదు, కొలవదగినది. లాస్ ఏంజిలెస్ ప్రాంతంలో ఏపీఆర్ఎస్ (స్టేషన్ల స్థానాలనూ చిన్న సందేశాలనూ ప్యాకెట్లుగా పంపే వ్యవస్థ) ఫ్రీక్వెన్సీ మీద వచ్చిన అసలు ప్యాకెట్లను రికార్డు చేసిన ఒక ఆడియో సీడీని హ్యాములు ఏళ్లుగా పరీక్షాపత్రంలాగా వాడుతున్నారు: ఒకే శబ్దాన్ని వేర్వేరు మోడెమ్‌లకు వినిపించి, ఏది ఎన్ని ప్యాకెట్లను పట్టిందో లెక్కిస్తారు. డైర్ వుల్ఫ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ మోడెమ్‌ను రాసిన జాన్ లాంగ్‌నర్ ఈ పరీక్షలో అది పేరున్న పెట్టె టీఎన్సీలకు తీసిపోలేదనీ, చాలావాటిని మించిందనీ చూపించారు. కాకి పిల్ల కాకికి ముద్దు కదా అనవచ్చు. కానీ ఆ రికార్డింగు ఎవరికైనా దొరుకుతుంది, సాఫ్ట్‌వేరూ ఉచితమే, అనుమానమున్నవారు ఒక సాయంత్రం కూర్చుని తామే లెక్కపెట్టుకోవచ్చు. దీని వెనుక మర్మం కూడా ఏమీ లేదు: చిప్పు మోడెమ్ రెండు టోన్ల మధ్య ఒకే గీత గీసి తీర్పు చెబుతుంది, సాఫ్ట్‌వేర్ అదే శబ్దం మీద అనేక గీతలు ఒకేసారి గీసి, తనిఖీ సంఖ్య ఏ గీతతో సరిపోతే దాన్ని తీసుకుంటుంది.

తప్పుల సవరణ విషయంలోనైతే పందెం పూర్తిగా తిరగబడింది. మామూలు ఏఎక్స్.25లో ఒక్క బిట్టు చెడినా ఫ్రేమంతా వృథా. దాన్ని సరిదిద్దడానికి రీడ్-సాలమన్ సంకేతాలను జోడించే ఎఫ్ఎక్స్.25, ఐఎల్2పి అనే పద్ధతులు తర్వాత వచ్చాయి, ఎఫ్ఎక్స్.25ను పాత టీఎన్సీ కూడా మామూలు ప్యాకెట్‌గానే చదువుకుంటుంది గానీ దాని లాభం పొందలేదు. డైర్ వుల్ఫ్ వాడేవారికి ఈ రెండూ అప్‌డేట్లతోనే వచ్చేశాయి. ఖరీదు పెట్టి కొన్న పాత పెట్టెకు ఆ అవకాశం లేదు.

"చవక హ్యాండ్‌సెట్‌కు తగిలిస్తే పనిచేయదు" అన్న మాట దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే ఇది చాలామంది సొంత అనుభవం. వారు అబద్ధం చెప్పడం లేదు, తగిలించారు, పనిచేయలేదు. తప్పు ఎక్కడుందన్నదే ప్రశ్న. చవక చైనా హ్యాండ్‌సెట్లలో ఎక్కువవాటికి కెన్‌వుడ్ తరహా రెండు పిన్నుల సాకెట్ ఉంటుంది: 3.5 మిల్లీమీటర్ల పిన్ను మైకుకు, 2.5 మిల్లీమీటర్ల పిన్ను స్పీకరుకు. ఈ రెండు పిన్నుల మొదట్లో ఉండే లోహపు గొట్టాలు ఒకదానికొకటి కలిస్తే చాలు, పీటీటీ (ప్రసారం మొదలుపెట్టే బటన్) నొక్కినట్టే. సౌండ్ కార్డులోనేమో మైకు గ్రౌండూ స్పీకరు గ్రౌండూ లోపలే కలిసి ఉంటాయి. అందుచేత రెండు ఆడియో తీగలు నేరుగా కలిపిన క్షణంలోనే సెట్టు మీద ఎర్ర దీపం వెలిగి, పిన్ను పీకేదాకా ఆరదు. చూసినవారు మోడెమ్ చెడిందనుకుంటారు. ఇరువైపులా ఒక్కో చిన్న ఆడియో ట్రాన్స్‌ఫార్మరూ, పీటీటీకి, కాంతి ద్వారా సంకేతాన్ని దాటించే ఒక ఆప్టోకప్లరూ పెట్టి గ్రౌండ్లను విడదీస్తే ఈ జబ్బు పోతుంది. ఆ విడిభాగాలు ఏ ఎలక్ట్రానిక్స్ దుకాణంలోనైనా చిల్లర డబ్బుకు వస్తాయి.

ఆప్టోకప్లర్ బాధ ఎందుకని కొందరు వాక్స్ మీద ఆధారపడతారు, అంటే శబ్దం వినగానే సెట్టు తనంతట తానే ప్రసారంలోకి వెళ్లే ఏర్పాటు మీద. మాటకు అది సరిపోతుంది. ప్యాకెట్‌కు సరిపోదు, ఎందుకంటే శబ్దం ఆగిన తర్వాత కూడా వాక్స్ కొంతసేపు ప్రసారాన్ని పట్టుకునే ఉంటుంది, సరిగ్గా ఆ వ్యవధిలోనే అవతలి స్టేషన్ "అందింది" అని జవాబు పంపుతుంది, అది మన చెవిన పడదు, మనం మళ్లీ పంపుతాం, ఛానెల్ నిండిపోతుంది. సీఎం108 చిప్పున్న సౌండ్ కార్డుల్లో ఒక ఖాళీ కాలు నుంచి పీటీటీని నడిపే వీలుంది, డైర్ వుల్ఫ్‌కు ఆ సంగతి తెలుసు. కాకపోతే ఆ సన్నని కాలికి తీగ అతికించడానికి సన్నమొన సోల్డరింగ్ ఐరనూ, వణకని చెయ్యీ కావాలి.

ఇక ఆడియో స్థాయి. నా అంచనాలో సగం ఫిర్యాదులకు మూలం ఇదే. ప్యాకెట్ వచ్చిన ప్రతిసారీ డైర్ వుల్ఫ్ తెర మీద ఆడియో లెవెల్ అని ఒక అంకె, పక్కన బ్రాకెట్లో గీతతో విడదీసిన రెండు అంకెలు చూపుతుంది, ఉదాహరణకు 49(20/14) అని. మొదటిది మొత్తం స్థాయి. అది 50 పరిసరాల్లో ఉండాలని సాఫ్ట్‌వేరే సలహా ఇస్తుంది. బ్రాకెట్లోని రెండు అంకెలు రెండు టోన్ల బలాలు. ఎఫ్ఎం సెట్లు ప్రసారంలో ఎక్కువ ఫ్రీక్వెన్సీలను పెంచి, వినేటప్పుడు అంతే తగ్గిస్తాయి. 1200, 2200ల మధ్య ఆ తేడా 5 డెసిబెల్స్‌కు పైనే. స్పీకరు సాకెట్ నుంచి ఆడియో తీసుకుంటే పెంపూ తగ్గింపూ చెల్లుకుపోతాయి. మైకు స్థాయి మితిమీరితే మాత్రం సెట్టులోని లిమిటర్ పై టోనును కత్తిరిస్తుంది, మన చెవికి మరింత గట్టిగా వినిపించే ఆ ప్యాకెట్ అవతల ఎవరికీ విచ్చుకోదు. కొత్తవారు ఇక్కడే పొరబడి స్థాయిని ఇంకా పెంచుతారు. చేయవలసింది దానికి విరుద్ధం: డీవియేషన్ (ఆడియోకు తగ్గట్టు ఫ్రీక్వెన్సీ అటూ ఇటూ జరిగే మేర) 3 కిలోహెర్ట్జ్ చుట్టుపక్కలకు వచ్చేదాకా తగ్గించాలి, కొలిచే సాధనం లేనివారు పక్క సెట్టులో వింటూ, శబ్దం పెరగడం ఆగిన చోటు నుంచి సగానికి దించితే చాలావరకు సరిపోతుంది. బ్యాటరీ ఆదా సదుపాయాన్ని ఆపివేయాలి, స్క్వెల్చ్ (సిగ్నల్ లేనప్పుడు రొదను ఆపే ఏర్పాటు) తెరిచి ఉంచాలి, పీటీటీ పడిన తర్వాత డేటా మొదలయ్యేందుకు 300 మిల్లీసెకన్ల వ్యవధి ఇవ్వాలి. ఇవేవీ చేయకుండా ఖరీదైన టీఎన్సీని తెచ్చి అదే సెట్టుకు తగిలించినా ఫలితం మారదు.

వేగం గురించిన వెక్కిరింపు, పంపేదేమిటో చూడకుండా చేసినది. 80 బైట్ల ఏపీఆర్ఎస్ ఫ్రేము 1200 బాడ్ మీద అర సెకను పైచిలుకు తీసుకుంటుంది. మొదటి వ్యవధి కలిపినా సెకను దాటదు. రెండు కిలోబైట్ల జాబితా, అంటే ఒక పునరావాస శిబిరంలోని పేర్లూ అవసరాలూ, జవాబులూ నిరీక్షణా కలుపుకొని అర నిమిషం అనుకోవచ్చు. అదే జాబితాను నోటితో చదివి, అవతలివారు రాసుకుని, తప్పులు సరిచూసుకోవడానికి ఎంతసేపు పడుతుందో రేడియో మీద సందేశాల నెట్ నడిపినవారికి తెలుసు. తెలుగులో పంపదలచినవారికి మాత్రం ఒక హెచ్చరిక: యూటీఎఫ్-8లో మన లిపిలోని ప్రతి సంకేతానికీ మూడు బైట్లు పడతాయి, గుణింతాలూ పొల్లులూ విడివిడిగా లెక్కకొస్తాయి. "నీళ్ళు" అన్న మాట 18 బైట్లు, 256 బైట్ల ఫ్రేములో పట్టేది 85 సంకేతాలే. అయినా ఆ మాట గాలిలో ఉండేది సెకనులో ఎనిమిదో వంతు కూడా కాదు.

లోరా సంగతికి వస్తే, దాని గొప్పను కాదనను. రొదకంటే కిందనున్న సిగ్నల్‌ను కూడా అది పట్టగలదు, లైసెన్సు అక్కర్లేదు. కానీ 1200 బాడ్ నత్తనడక అని నవ్వినవారే లోరా మీద నడిచే మెష్‌టాస్టిక్‌ను ఎత్తిచూపడం వింతగా ఉంది, ఎందుకంటే అందులో మొదటే అమర్చి వచ్చే లాంగ్ ఫాస్ట్ పద్ధతి వేగం సెకనుకు సుమారు 1,070 బిట్లే. మన దేశంలో అది నడిచేది 865 మెగాహెర్ట్జ్ దగ్గర. కొబ్బరి తోటల మధ్య, మామిడి తోపుల వెనుక 144 మెగాహెర్ట్జ్ వెళ్లినంత తేలికగా అది వెళ్లదు. రెండూ వేర్వేరు పనులకు పనికొస్తాయి, రెండూ ఉంచుకోవచ్చు.

"వినేవాళ్లు లేరు" అన్నదాంట్లో సగం నిజముంది. అమెరికా, యూరప్‌లతో పోలిస్తే మన దగ్గర డిజిపీటర్లు (విన్న ప్యాకెట్‌ను తిరిగి ప్రసారం చేసే స్టేషన్లు) పలచగానే ఉన్నాయి. అయితే ప్యాకెట్‌కు డిజిపీటర్ తప్పనిసరి కాదు, రెండు స్టేషన్లు నేరుగా మాట్లాడుకోవచ్చు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకి మొబైల్ ఫోన్లు మూగబోయినప్పటిలాంటి రోజున కావలసింది కూడా అదే. పైగా సౌండ్ కార్డు స్టేషన్ ఉన్నవారు సెట్టింగుల ఫైలులో ఒక్క వాక్యం చేర్చి దాన్నే డిజిపీటర్‌గా మార్చగలరు. ఆకాశం వైపు చూస్తే మరో దారి ఉంది. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలోని డిజిపీటర్ 145.825 మెగాహెర్ట్జ్ మీద, దాన్ని నడుపుతున్న రోజుల్లో, తల మీదుగా వెళ్లేటప్పుడు చేతిలో పట్టుకున్న యాగీ యాంటెన్నాకు కూడా వినిపిస్తుంది. కేంద్రం వేగం వల్ల, అంటే డాప్లర్ వల్ల, ఫ్రీక్వెన్సీలో వచ్చే మూడున్నర కిలోహెర్ట్జ్ తేడాను ఎఫ్ఎం సెట్టు చాలావరకు ఓర్చుకుంటుంది. 2019 ఏప్రిల్ 1న శ్రీహరికోట నుంచి వెళ్లిన పీఎస్ఎల్‌వీ-సీ45 నాలుగో దశ మీద హ్యాముల ఉపగ్రహ సంస్థ ఆమ్‌శాట్ ఇండియా వారి ఏపీఆర్ఎస్ డిజిపీటర్ కూడా కక్ష్యలోకి వెళ్లింది. దాన్ని వినడానికీ ఇవే రెండు టోన్లు సరిపోయాయి.

ఆ సందేశం సరిగ్గా చెప్పగలిగి కూడా చెప్పకుండా వదిలేసిన విషయాలు రెండున్నాయి. 9600 బాడ్ కావాలంటే మైకు, స్పీకరు సాకెట్లు పనికిరావు. మాట కోసం పెట్టిన ఫిల్టర్లు ఆ సిగ్నల్‌ను పాడుచేస్తాయి గనుక, డేటా పోర్టున్న సెట్టు కొనక తప్పదు. రెండోది, మనిషి నెలల తరబడి వెళ్లలేని కొండమీద పెట్టే డిజిపీటర్. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ మెమరీ కార్డు పాడయ్యే ప్రమాదమున్న రాస్ప్‌బెర్రీ పై కంటే, వచ్చిన వెంటనే తనంతట తానే లేచి కూర్చునే పాత పెట్టె టీఎన్సీయే అక్కడ నయం. అలాంటి చోట వేలు ఖర్చు పెట్టమంటే నేనూ వంత పాడతాను. మేడమీద గదిలో తొలి స్టేషన్ పెట్టుకునేవారిని మాత్రం ఆ వేలు మంచి కోయాక్సియల్ కేబుల్ మీదా, వీలైనంత ఎత్తున నిలబెట్టిన యాంటెన్నా మీదా పెట్టమంటాను.